కాన్పు అయిపోయినా భయం పోకపోతే: అపోహలు, వాస్తవాలు

రక్తం ఆగింది, కుట్లు మానాయి, బిడ్డ బరువు పెరుగుతోంది. "తల్లీబిడ్డా చల్లగా ఉండారు, ఇంకేం కావాల?" అని చూడొచ్చిన వాళ్లంతా అంటుంటారు. ఆ బాలింత మాత్రం నెల దాటినా రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తుంటుంది. ఫినాయిల్ వాసన తగిలితే గుండె దడదడలాడుతుంది. వీధిలో తోపుడుబండి పోయినా స్ట్రెచర్ చక్రాల చప్పుడే చెవిలో పడి చేతులు చల్లబడతాయి. కాన్పు వల్ల వచ్చే పీటీఎస్‌డీ అనే మానసిక జబ్బు ఇలాగే ఉంటుంది. ప్రాణభయం కలిగించిన సంఘటన మనసులో పాతబడదు, ఇప్పుడే జరుగుతున్నట్టు మళ్లీ మళ్లీ వస్తుంది.

అపోహ: పెద్దాపరేషన్ అయినవాళ్లకే వస్తుంది, మామూలు కాన్పుకి రాదు.

కడుపు కోశారా లేదా అన్నదానికంటే, ఆ గంటల్లో ఆమెకి ఏమనిపించిందన్నదే ముఖ్యం. "చచ్చిపోతున్నా", "బిడ్డ పోయింది", "నా మాట ఎవరూ వినడంలేదు" అని గట్టిగా అనిపించిన మామూలు కాన్పు కూడా ఈ జబ్బు తెస్తుంది. మొత్తం మీద కాన్పయిన వందమందిలో సుమారు నలుగురికి వస్తుంది. ఉన్నట్టుండి చేసిన ఆపరేషన్, 500 మిల్లీలీటర్లు దాటిన రక్తస్రావం, గుర్రపువాతం, నెలలు నిండని బిడ్డ, చనిపోయి పుట్టిన బిడ్డ, ఇలాంటి కాన్పుల్లో అయిదారుగురిలో ఒకరికి రావచ్చు.

మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతంలో ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఉదయగిరి, సీతారామపురం వైపు నుంచో, గిద్దలూరు, యర్రగొండపాలెం వైపు నుంచో నొప్పులతో బయల్దేరిన మనిషిని ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి పంపిస్తుంటారు. పంపడం తప్పు కాదు, చాలాసార్లు ప్రాణం నిలబెట్టేది అదే. ఎందుకు పంపుతున్నారో ఆమెకి చెప్పకపోవడం తప్పు. భర్తకి చెబుతారు, అత్తకి చెబుతారు. 108లో పడుకుని ఉన్న మనిషి దారి పొడుగునా బిడ్డ చనిపోయిందనే అనుకుంటుంది. "బిడ్డ గుండె చప్పుడు నెమ్మదించిందమ్మా, అక్కడ పిల్లల డాక్టరు ఉన్నారు, అందుకే పంపుతున్నాం" అనడానికి పది సెకన్లు చాలు.

అపోహ: నొప్పులు పడేవాళ్లు కసిరితే గానీ ముక్కరు.

ఇది మాతోటి ఆసుపత్రి సిబ్బందికి చెబుతున్న మాట. కసురు, తొడ మీద దెబ్బ, చెప్పకుండా చెయ్యి పెట్టి చూడటం, మత్తు పట్టకముందే కుట్లు వెయ్యడం, వీటిలో ఏదీ కాన్పుని త్వరగా చెయ్యదు. పొట్ట మీద బలంగా నొక్కి బిడ్డని తోయడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు వద్దన్నాయి. కుట్లకి ముందు లిగ్నోకెయిన్ అనే మత్తుమందు ఇచ్చి కనీసం 2 నిమిషాలు ఆగాలి. ఆ చోట ఫోర్సెప్స్‌తో (పట్టుకారుతో) గిచ్చి చూడాలి. తెలుస్తోందంటే ఇంకో 2 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. నెలల తర్వాత కూడా బాలింతలు తలుచుకుని వణికేది పురిటి నొప్పినో ఈ కుట్లనో అడిగి చూడండి, కుట్లే అనేవాళ్లూ ఉంటారు.

అపోహ: ఇదీ డిప్రెషనే, పేరే వేరు.

రెండూ కలిసి రావచ్చు, కానీ జబ్బులు వేరు. డిప్రెషన్‌లో దేనిమీదా మనసు పోదు, దిగులు కమ్మేస్తుంది. పీటీఎస్‌డీలో మనిషి కాపలా కాస్తున్నట్టుంటుంది. బిడ్డ ఊపిరి ఆడుతోందా అని రాత్రంతా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంటుంది. ఆసుపత్రి ఉన్న వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళ్తుంది. బిడ్డ పుట్టిన రోజు తీసిన ఫొటోలు చూడదు. భర్త దగ్గరికొస్తే బిగుసుకుపోతుంది. కొందరికి బిడ్డని ఎత్తుకుంటే ఆ గదే గుర్తొచ్చి, ఎత్తుకోవడమే మానేస్తారు. దాన్ని చూసి ఇంట్లోవాళ్లు "కన్నబిడ్డ మీద మమకారం లేదు" అంటారు. రొట్టెల పండక్కి నెల్లూరు బారాషహీద్ దర్గాకి పోయి సంతాన రొట్టె పట్టుకున్నాక పుట్టిన బిడ్డైతే ఆ మాట మరీ కోస్తుంది. ఇంత మొక్కి కన్నాక బాధగా ఉందని ఏ నోటితో చెప్పుకుంటుంది?

డిప్రెషన్‌కి వాడే ఎడిన్‌బరో ప్రశ్నావళిలో 10 ప్రశ్నలుంటాయి. అందులో పీడకలల గురించీ, కళ్లముందు మెదిలే దృశ్యాల గురించీ ఒక్కటీ లేదు. అందుకే అందులో మార్కులు తక్కువొచ్చినా ఈ జబ్బు లేదనుకోకూడదు. విడిగా నాలుగు అడగాలి: కాన్పు అనుకోకుండా కళ్లముందుకొస్తోందా? దాన్ని గుర్తుచేసే మనుషుల్ని, చోట్లని తప్పించుకుంటున్నావా? చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతున్నావా? తప్పంతా నాదేననో, ఎవర్నీ నమ్మలేననో అనిపిస్తోందా? నెల దాటాక కూడా ఇవి ఉండి, రోజువారీ పని కుంటుపడుతుంటే డాక్టరుకి చూపించాలి. నెల లోపల ఇదే బాధ ఉంటే చాలామందికి తోడుతో, నిద్రతో తగ్గిపోతుంది.

అడగడానికి మంచి సమయం బిడ్డ టీకాలు: 6, 10, 14 వారాలు. ఆశా, ఏఎన్ఎం అక్కలు ఒకటి గమనించాలి. తల్లి రాకుండా ప్రతిసారీ అమ్మమ్మే బిడ్డని తెస్తుంటే, తల్లి ఎందుకు రాలేదో ఇంటికి వెళ్లి అడగండి.

అపోహ: గాలి సోకింది. బాలింత సన్నిపాతం.

తాయెత్తు కట్టించుకున్నా, దర్గాకి వెళ్లినా మేం వద్దనం. వైద్యం ఆపకండి, అంతే. సన్నిపాతం అని పెద్దవాళ్లు అనేది కాన్పు తర్వాత వచ్చే సైకోసిస్ (మనసు అదుపు తప్పే జబ్బు) కావచ్చు. వెయ్యిమందిలో ఒకరిద్దరికి, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో మొదలవుతుంది. లేని మాటలు వినబడటం, రెండు మూడు రాత్రులు నిద్రే లేకపోవడం, పొంతనలేని మాటలు, బిడ్డ గురించి వింత నమ్మకాలు కనబడితే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తల్లిని బిడ్డతో ఒంటరిగా వదలకూడదు. చచ్చిపోవాలనుంది అన్నా అంతే.

అపోహ: గుచ్చి గుచ్చి అడిగి చెప్పిస్తే మనసు తేలికపడుతుంది. లేదంటే అసలు ఆ మాటే ఎత్తకుండా ఉంటే మర్చిపోతుంది.

రెండూ పనిచెయ్యవు. పదకొండో రోజు పురుడుకి వచ్చిన ప్రతి చుట్టానికీ "ఎట్టా జరిగింది?" అంటే మొదట్నుంచీ చెప్పించడం పుండు మీద గీరడమే. తనంతట తాను చెబితే మాత్రం మధ్యలో అడ్డుపడకుండా వినండి.

చికిత్సలో చెప్పించే పద్ధతి వేరు. మనసుకి తగిలిన గాయం మీద దృష్టిపెట్టే సీబీటీ అనే మాటల చికిత్సలో వారానికోసారి, 8 నుంచి 12 సార్లు కూర్చోబెడతారు. కాన్పుని వరసగా చెప్పిస్తూ, ఊపిరి బిగుసుకునే చోటు ఎక్కడో పట్టుకుంటారు. ఉదాహరణకి "బిడ్డ ఏడవలేదు, చచ్చిపోయిందనుకున్నా" అన్న క్షణం. కేస్‌షీట్ తీసి చూస్తే ఆ రెండు నిమిషాలూ బిడ్డని వార్మర్ (వెచ్చగా ఉంచే బల్ల) మీద పెట్టి మాస్కుతో ఊపిరి అందించారని ఉంటుంది. ఆ సంగతిని ఆ క్షణం పక్కనే పెట్టి మళ్లీ చెప్పిస్తారు. ఆ తర్వాత మెట్లు మెట్లుగా ఆసుపత్రి గేటు దాకా, టీకాల గది దాకా, ఆఖరికి వార్డు దాకా నడిపిస్తారు. కళ్లు కదిలిస్తూ చేసే ఈఎండీఆర్ అనే చికిత్స కూడా పనిచేస్తుంది.

దృశ్యం మీదపడ్డప్పుడు ఇంట్లో చెయ్యదగ్గది: రెండు అరికాళ్లూ నేలకి ఆనించాలి. చల్లటి నీళ్ల గ్లాసు చేతిలో పట్టుకోవాలి. కనబడే 5 వస్తువుల పేర్లు, వినబడే 3 చప్పుళ్లు పైకి చెప్పాలి. పక్కనున్న మనిషి పట్టుకుని కుదపకూడదు. "ఇది అమ్మ ఇల్లు, ఈరోజు సోమవారం, బిడ్డ ఇక్కడే నిద్రపోతోంది" అని మెల్లగా చెప్పాలి. రాత్రి ఒక పూట పిండిన పాలు అమ్మమ్మ పట్టి, తల్లికి నాలుగైదు గంటలు ఒక్క విడతలో నిద్ర దొరికేలా చూడాలి.

అపోహ: మందులు మొదలుపెడితే పాలు మాన్పించాలి.

ఈ జబ్బుకి ఇచ్చే సెర్ట్రాలిన్ మందు పాలల్లోకి చాలా తక్కువ పోతుంది. మామూలుగా 25 లేదా 50 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. గుణం కనబడటానికి రెండు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. మొదటి వారం వికారంగా ఉందని కొందరు మానేస్తారు, డాక్టరుకి చెప్పకుండా మానకండి. మందులషాపులో అడిగి తెచ్చుకునే ఆల్‌ప్రజోలమ్ లాంటి మత్తుబిళ్లలు ఈ జబ్బుని తగ్గించవు, అలవాటైపోతాయి.

ఒంగోలు, నెల్లూరు సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. అంత దూరం రాలేకపోతే 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అది, 2022 నుంచి నడుస్తోంది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అపోహ: మగవాళ్లకేం, వాళ్లకి రాదు.

తలుపు బయట నిలబడి రక్తపు గుడ్డలు చూసిన భర్తకీ రావచ్చు. తాగుడు పెరిగినా, ఇంటి పట్టున ఉండకపోయినా అడిగి చూడండి.

అపోహ: ఇంకో బిడ్డ పుడితే అదే సర్దుకుంటుంది.

చాలామంది ఆ రెండో కాన్పుకే భయపడి గర్భమే వద్దనుకుంటారు. వస్తే నెల నెలా భయం పెరుగుతుంది. కాబట్టి మొదటి మూడు నెలల్లోనే, గర్భిణి పరీక్షలకి వెళ్లినప్పుడు, పాత కాన్పులో ఏం జరిగిందో డాక్టరుకి చెప్పాలి. పాత డిశ్చార్జి కాగితం తీసుకెళ్లండి. తల్లీబిడ్డల కార్డులో మూడు మాటలు రాయించుకోండి: లేబర్ రూమ్‌లో తోడుగా ఉండేది ఎవరు (ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఒక ఆడమనిషిని తోడు ఉంచుకోవచ్చు), చెయ్యి వేసే ముందు చెప్పి వెయ్యాలి, కుట్లకి ముందు మత్తు పట్టిందో లేదో చూడాలి.