ఎగువ ఊళ్ళ పిల్లలకు

పిల్లలూ,

నది సముద్రంలో కలిసే చోటు పాడైతే అక్కడ డబ్బు పెట్టి బాగు చేసుకోవాలి గానీ, ఎక్కడో ప్రొద్దుటూరులో బడికి పోయే మాకు దాని గురించి పాఠాలెందుకవ్వా అని అడిగారు కదా. ఫోన్‌లో తేలే మాట కాదది, అందుకే రాస్తున్నా.

అలాంటి చోట మంచినీళ్ళూ ఉప్పునీళ్ళూ కలిసి ఉంటాయి. చాలా రకాల చేపలు, రొయ్యలు, పీతలు చిన్నప్పుడు పెరిగేది అక్కడే. పైనుంచి ఏది కొట్టుకొచ్చినా చేరేదీ అక్కడికే. మన పెన్ననే చూడండి. నంది కొండల దగ్గర పుట్టి, 597 కిలోమీటర్లు పారి, నెల్లూరు దాటాక ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. దారిలో చిత్రావతి, కుందు, పాపాఘ్ని, సగిలేరు, చెయ్యేరు వచ్చి చేరతాయి. ఈ ఏర్లన్నిటికీ నీళ్ళిచ్చే నేల దాదాపు 55 వేల చదరపు కిలోమీటర్లు. అంటే కుందు పక్క వరిమళ్ళలో పైరు తీసుకోగా మిగిలిన యూరియా, కడప ఊరి మధ్యలో బుగ్గవంకలోకి దిగే మురుగు, ఎండాకాలమంతా పెన్న ఇసుకలో పోగైన ప్లాస్టిక్ కవర్లు, ఇవన్నీ ఏరు వచ్చిన రోజున కిందికి పోవాల్సిందే. కొంత సోమశిల డ్యామ్ దగ్గర ఆగుతుంది, ఆగినంత మాత్రాన మాయమైపోదు.

మీ ప్రశ్నకు మంచి జవాబు అమెరికాలో ఉంది. అక్కడ తూర్పు తీరాన చెసపీక్ అనే పెద్ద అఖాతం ఉంది, దాంట్లోకి ఎన్నో నదులు దిగుతాయి. ఆ నీళ్ళు పారివచ్చే నేల సుమారు 1,66,000 చదరపు కిలోమీటర్లు, మన ఆంధ్రప్రదేశ్ మొత్తం కంటే ఒక పిసరు ఎక్కువే. ఆరు రాష్ట్రాలు, వాటితోపాటు వాషింగ్టన్ నగరం, దాదాపు 1 కోటి 80 లక్షల మంది జనం. పొలాల ఎరువు, కోళ్ళ ఫారాల పెంట, ఊళ్ళ మురుగు కలిసి నీళ్ళలో నత్రజని, ఫాస్ఫరస్ పెరిగిపోయాయి. అవి ఎక్కువైతే నాచు విపరీతంగా పెరుగుతుంది, ఎండ లోపలికి దిగక అడుగునున్న గడ్డి చచ్చిపోతుంది, తర్వాత ఆ నాచు కుళ్ళేటప్పుడు నీళ్ళలోని ఆక్సిజన్‌ని మొత్తం లాగేస్తుంది. చేపలు ఈదుకుంటూ తప్పించుకుంటాయేమో, కదలలేని ఆల్చిప్పల గతేంటి? బాగా ఎదిగిన ఒక్క ఆల్చిప్ప రోజుకు 190 లీటర్ల దాకా నీళ్ళు వడకట్టగలదు. అలాంటివి పోతే నీళ్ళను శుభ్రం చేసేవాళ్ళే పోయినట్టు.

1983లో మేరీలాండ్, వర్జీనియా, పెన్సిల్వేనియా రాష్ట్రాలు, వాషింగ్టన్ నగరం, అక్కడి కేంద్ర పర్యావరణ సంస్థ కూర్చుని అఖాతాన్ని బాగు చేయాలని ఒప్పందం రాసుకున్నాయి. వీటిలో పెన్సిల్వేనియాకు ఆ అఖాతం ఒడ్డు ఒక్క గజం కూడా లేదు, మనలాగే ఎగువ రాష్ట్రం. అయినా అఖాతానికి వచ్చే మంచినీళ్ళలో దాదాపు సగం తెచ్చే సస్క్వెహానా నది ఎక్కువ దూరం పారేది ఆ రాష్ట్రంలోనే, అందుకే సంతకం పెట్టింది. నాకు బాగా నచ్చిన విషయం ఇదే.

ఇక డబ్బు సంగతి. 2004లో మేరీలాండ్ ఒక చట్టం చేసి ఇంటింటికీ నెలకు రెండున్నర డాలర్ల రుసుం పెట్టింది, 2012లో చాలామందికి దాన్ని ఐదు డాలర్లు చేసింది. జనం దానికి ఫ్లష్ ట్యాక్స్, అంటే మరుగుదొడ్డి పన్ను, అని పేరు పెట్టుకున్నారు. ఆ డబ్బుతో పెద్ద పెద్ద మురుగు శుద్ధి ప్లాంట్లను మార్చారు. సెప్టిక్ ట్యాంకులున్న ఇళ్ళవాళ్ళు కట్టేదాంట్లో కొంత రైతులకు పోతుంది. పంట కోశాక చలికాలంలో రై అనే ధాన్యం, గోధుమ లాంటివి చల్లితే నేలలో మిగిలిపోయిన నత్రజనిని ఆ పైరు పీల్చేసుకుంటుంది, దానికి అయ్యే ఖర్చు ఇస్తారన్నమాట.

మరి చదువు ఎక్కడ అంటారా? ప్లాంట్ కట్టడం ఒకసారి డబ్బుతో అయ్యే పని. దాన్ని ఏటా నడపాలంటే మాత్రం బిల్లు కట్టే జనం ఎందుకు కడుతున్నారో తెలిసుండాలి, ఓటు వేసేటప్పుడు గుర్తుండాలి. కట్టి, రిబ్బన్ కత్తిరించి, కరెంటు బిల్లు కట్టలేక ఆపేసిన ప్లాంట్లను నేను మన దగ్గర చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. 1985లో మేరీలాండ్ శాసనసభ ఒక ట్రస్టు పెట్టింది. బండికి అఖాతం బొమ్మున్న ప్రత్యేక నంబర్ ప్లేటు తీసుకునేవాళ్ళు అదనంగా కట్టే డబ్బు దానికి వెళ్తుంది, ట్రస్టు బడులకూ ఊళ్ళ సంఘాలకూ గ్రాంట్లు ఇస్తుంది. 2000లో రాసుకున్న కొత్త ఒప్పందంలో అయితే ప్రతి విద్యార్థీ హైస్కూలు పూర్తిచేసేలోపు అఖాతం దగ్గరికో వాగు దగ్గరికో వెళ్ళి నేర్చుకోవాలని రాశారు. 2011లో మేరీలాండ్ పర్యావరణ చదువు లేకుండా హైస్కూలు పట్టా ఇవ్వొద్దని నిర్ణయించింది, అమెరికాలో అలా చేసిన మొదటి రాష్ట్రం అదే.

అంతా అయిపోయిందనుకోకండి. 2010లో ఏ రాష్ట్రం ఎంత కాలుష్యం తగ్గించాలో లెక్కలు కట్టి 2025 గడువు పెట్టారు, గడువుకి లెక్క పూర్తికాలేదు. ప్లాంట్లు తొందరగా దారికొచ్చాయి, వేలాది పొలాల నుంచి కొంచెం కొంచెంగా కారేది ఆపడమే కష్టంగా ఉంది.

మన దగ్గరా దారులున్నాయి. పర్యావరణం పాఠం తప్పనిసరిగా చెప్పాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. బడుల్లో జాతీయ హరిత దళం అని పిల్లల పర్యావరణ సంఘం ఉంది, మీ బడిలో ఉందో లేదో సైన్సు సార్‌ని అడగండి. ఇంకోటి, 2015లో గనుల చట్టం మార్చి, గనులవాళ్ళు జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కి, అంటే గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ళ కోసం పెట్టిన నిధికి, డబ్బు కట్టాలన్నారు. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు సున్నపురాయి గనులున్న జిల్లా మనది. ఆ డబ్బు ఖర్చు పెట్టాల్సిన ముఖ్యమైన పనుల్లో తాగునీరు, కాలుష్య నివారణ, చదువు మూడూ ఉన్నాయి. అందులో పెన్నకు ఎంత పెట్టారని అడగడానికి సమాచార హక్కు అర్జీ రాయొచ్చు, మీ నాయనతో రాయించండి, ఎలా రాయాలో నేను చెప్తా.

ముందు మీరు చేయాల్సింది ఒకటుంది. మీ వీధి మురుగు కాలువ వెంట పెద్దవాళ్ళను తోడు తీసుకుని నడిచి, అది ఎక్కడెక్కడ తిరిగి ఎక్కడ పెన్నలో దిగుతుందో కాగితం మీద బొమ్మ గీయండి. వానల ముందొకటి, వానలయ్యాక ఒకటి. దసరాకి వచ్చేటప్పుడు రెండూ తీసుకురండి.

మీ అవ్వ,
కడప