సీజన్‌కు ముందు జట్టును ఎలా చూడాలి: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన పిల్లలందరికీ ఆశీస్సులు.

మీలో అమెరికాలోని ఫ్రిస్కోలో ఉన్నవాళ్లు డల్లాస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు జెర్సీ వేసుకుని బడికి వెళ్తారు. ఆ జట్టు సాధన చేసే 'ద స్టార్' ప్రాంగణం మీ ఊళ్లోనే ఉంది. హైదరాబాదులో, గుంటూరులో ఉన్నవాళ్లు ఆ ఆట ఏమిటని వీళ్లనే అడుగుతారు. అందరూ కలిసి నాకు పంపిన ప్రశ్న ఒక్కటే: సీజన్ మొదలుకాకముందే జట్టు ఎలా ఆడుతుందో చెప్పగలమా? గెలుపోటములు ఎవరూ చెప్పలేరు. ఏ చోట బలం ఉంది, ఏ చోట దెబ్బ తగులుతుంది అన్నది మాత్రం ఆగస్టు చివరికల్లా చాలావరకు కనిపిస్తుంది. 2024 నాటి కౌబాయ్స్‌నే తీసుకుందాం. ఆ సీజన్ అయిపోయింది కాబట్టి మనం చూసినది ఎంతవరకు నిజమైందో సరిచూసుకోవచ్చు.

ముందు లెక్కలు. వేసవి శిక్షణకు ఒక్కో జట్టు 90 మందిని తీసుకెళ్లవచ్చు. కౌబాయ్స్ ఈ శిక్షణ కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డ్‌లో పెట్టుకుంటారు. మూడు సన్నాహక మ్యాచ్‌లయ్యాక, ఆగస్టు చివర్లో ఒక మంగళవారం ఆ 90 మంది 53కి తగ్గాలి. 2024లో ఆ రోజు ఆగస్టు 27. తీసేసినవాళ్లలో నాలుగు సీజన్ల అనుభవం లేనివాళ్లను మరునాటి మధ్యాహ్నం లోపు వేరే జట్లు ఎగరేసుకుపోవచ్చు. ఎవరూ అడగనివాళ్లలోంచి పదహారు మందిని ప్రాక్టీస్ స్క్వాడ్‌లో, అంటే సాధనకు ఉండే అదనపు బృందంలో, ఉంచుకుంటారు. వాళ్లలో ఇద్దరిని ఏ వారానికైనా పైకి పిలవవచ్చు, కానీ ఒకే మనిషిని సీజన్‌లో మూడుసార్లకు మించి అలా పిలవడానికి లేదు. మ్యాచ్ రోజున దుస్తులు వేసుకుని దిగేది 48 మందే, అదీ వాళ్లలో ఎనిమిది మంది ఆఫెన్సివ్ లైన్ వాళ్లు, అంటే బంతి తమ దగ్గరున్నప్పుడు ముందు వరుసలో అడ్డు నిలబడేవాళ్లు, అయితేనే. లేకపోతే 47.

53 అంటే చాలా పెద్ద సంఖ్య అనిపిస్తుంది. పంచి చూడండి. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌లు ఇద్దరో ముగ్గురో, బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌లు నలుగురు, పాస్‌లు పట్టే రిసీవర్లు ఐదారుగురు, అడ్డుకోవడం, పట్టడం రెండూ చేసే టైట్ ఎండ్‌లు ముగ్గురు, ఆఫెన్సివ్ లైన్‌లో తొమ్మిది మంది. అవతలి వైపు డిఫెన్సివ్ లైన్‌లో తొమ్మిది పది మంది, ఆ లైన్ వెనక నిలబడే లైన్‌బ్యాకర్లు ఆరుగురు, వెనక కాపలా కాసే కార్నర్‌బ్యాక్‌లు, సేఫ్టీలు కలిపి పది మంది. తన్నేవాడు, పంట్ కొట్టేవాడు, బంతి వెనక్కి విసిరేవాడు ముగ్గురు. ఒక్కో పనికి ఇద్దరు కూడా సరిగ్గా దొరకరు. అందుకే గాయాల జాబితా పైనుంచి కింద దాకా చదవమంటాను.

ఇక ఆట పద్ధతి. దీన్ని స్కీమ్ అంటారు. స్పిన్ తిరిగే పిచ్ మీద నలుగురు ఫాస్ట్ బౌలర్లను దింపితే వాళ్లెంత గొప్పవాళ్లయినా ఉపయోగం ఉండదు కదా. ఇక్కడా అంతే. కోచ్ మారితే నిన్నటి మంచి ఆటగాడు ఇవాళ తప్పు ఆటగాడు అవుతాడు. 2024 కౌబాయ్స్‌కి సరిగ్గా ఇదే జరిగింది. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది కూడా ఇదే.

2023లో ఆ జట్టు 17 మ్యాచ్‌లలో 12 గెలిచింది. 2024 జనవరి 14న సొంత మైదానంలో, ఆర్లింగ్టన్‌లో, గ్రీన్ బే ప్యాకర్స్ చేతిలో 48-32 తేడాతో ఓడి ఇంటికి వెళ్లింది. ఆ రోజు ప్యాకర్స్ రన్నింగ్ బ్యాక్ ఆరన్ జోన్స్ 118 గజాలు పరిగెత్తి మూడు టచ్‌డౌన్లు చేశాడు, అంటే మూడుసార్లు బంతిని చివరి గీత దాటించాడు. తర్వాత డిఫెన్స్ కోచ్ డాన్ క్విన్ వాషింగ్టన్‌కు ప్రధాన కోచ్‌గా వెళ్లిపోయాడు. ఆయన చోటికి మైక్ జిమ్మర్ వచ్చాడు. 1994 నుంచి 2006 వరకు ఇదే జట్టులో పనిచేసి, తర్వాత మిన్నెసోటాకు ఎనిమిదేళ్లు ప్రధాన కోచ్‌గా ఉన్న మనిషి.

క్విన్ డిఫెన్స్ వేగం మీద నడిచేది. ముందు వరుసవాళ్లు తేలిగ్గా, చురుగ్గా ఉండాలి, బంతి కదలగానే లోపలికి దూసుకుపోవాలి. వెనక లోతులో తరచుగా ఒక్క సేఫ్టీయే ఉంటాడు. జిమ్మర్‌ది వేరే లెక్క. వెనక ఇద్దరు సేఫ్టీలను ఉంచడం ఆయనకు ఇష్టం. దానివల్ల దూరపు పాస్‌లు తగ్గుతాయి, కానీ ముందు వైపు ఒక మనిషి తగ్గుతాడు. ఆ లోటు పూడాలంటే మధ్యలో నిలబడేవాళ్లు బండల్లాంటివాళ్లు కావాలి. ఇద్దరు మీద పడి తోసినా అంగుళం జరగకూడదు.

ఎందుకో చెబుతాను. ఆఫెన్స్ వరుసలో మధ్య మనిషి సెంటర్, అతనికి రెండు పక్కలా గార్డులు, ఆ చివర ట్యాకిల్స్. సెంటర్‌కూ గార్డుకూ మధ్య సందును 'ఏ' (A) గ్యాప్ అంటారు, గార్డుకూ ట్యాకిల్‌కూ మధ్యది బీ గ్యాప్, ట్యాకిల్ బయటిది సీ గ్యాప్. రెండు వైపులా కలిపితే ఆరు. బంతి పట్టుకుని పరిగెత్తేవాడు ఈ ఆరింటిలో ఏదో ఒకదాంట్లోంచి రావాలి. ప్రతి సందుకీ ఒక కాపలా ఉండాలి. మధ్యలో ఉన్న పెద్ద మనిషి ఇద్దరిని తన మీదికి లాక్కుని నిలబడితే, వెనకున్న లైన్‌బ్యాకర్‌ను అడ్డుకోవడానికి ఆఫెన్స్‌లో మనిషి మిగలడు. అతను స్వేచ్ఛగా వచ్చి పరుగును ఆపేస్తాడు. పెద్ద మనిషి వెనక్కి జరిగాడంటే ఆ ఇద్దరిలో ఒకడు వదిలేసి లైన్‌బ్యాకర్ మీదికి పోతాడు, ఇక సందు తెరుచుకున్నట్టే. జిమ్మర్‌కు బాగా పేరు తెచ్చిన ఎత్తు కూడా ఇక్కడే ఉంది. ఇద్దరు లైన్‌బ్యాకర్లను రెండు ఏ గ్యాప్‌ల ముందు నిలబెడతాడు. ఇద్దరూ దూకుతారా, ఒక్కడే వస్తాడా, ఇద్దరూ వెనక్కి తగ్గుతారా అన్నది బంతి కదిలేదాకా క్వార్టర్‌బ్యాక్‌కు తెలియదు.

ఇప్పుడు జట్టులో ఉన్న మనుషుల్ని చూడండి. 2023 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునేటప్పుడు, మొదటి రౌండ్‌లో 26వ ఎంపికగా మేజీ స్మిత్ అనే డిఫెన్సివ్ ట్యాకిల్‌ను తీసుకున్నారు. అప్పుడతను 320 పౌండ్లు దాటి ఉన్నాడు, అంటే 145 కిలోల పైమాటే. క్విన్ పద్ధతికి సరిపడాలని ఆ ఏడాది బరువు బాగా తగ్గి ఆడాడు. ఏడాది తిరక్కుండా జిమ్మర్ వచ్చాడు, మళ్లీ బరువు పెరగాల్సి వచ్చింది. ఒక కుర్రాడి ఒళ్లు పన్నెండు నెలల్లో ఇటూ అటూ తిరిగితే బలం, కాళ్ల పట్టు, ఊపిరి అన్నీ కొత్తగా కుదుర్చుకోవాలి. అతని ఆట బాగాలేదని తిట్టేవాళ్లు ఈ సంగతి కూడా చెప్పాలి. అదే సమయంలో మధ్యలో నిలకడగా ఆడిన జోనాథన్ హాంకిన్స్ సియాటిల్‌కు వెళ్లిపోయాడు. జట్టు ఆ ఖాళీని మార్చిలో పూడ్చలేదు. ఆగస్టులో, సీజన్ గుమ్మంలో ఉండగా, 35 ఏళ్ల లిన్వల్ జోసెఫ్‌ను తెచ్చుకుంది, న్యూయార్క్ జెయింట్స్ నుంచి జోర్డాన్ ఫిలిప్స్‌ను మార్పిడిలో తీసుకుంది. ఇద్దరూ భారీ మనుషులు. జోసెఫ్ మిన్నెసోటాలో జిమ్మర్ కింద ఆడినవాడు. పిల్లలూ, ఇలాంటి వార్త కనిపిస్తే ఆగి చదవండి. ఆగస్టు చివర్లో ఏ చోటికి పెద్ద వయసువాళ్లను తెస్తున్నారో, శిక్షణ నెలంతా చూశాక కోచ్‌లకు ఆ చోటే భయం పుట్టించిందన్నమాట.

లైన్‌బ్యాకర్లలోనూ మార్పే. మెడ గాయాల వల్ల లైటన్ వాండర్ ఎష్ ఆట మానేశాడు. జిమ్మర్ దగ్గర ఏళ్ల తరబడి ఆడిన ఎరిక్ కెండ్రిక్స్‌ను తెచ్చారు. ఇది మంచి పని, ఎందుకంటే మైదానంలో పిలుపులు సరిచేసేవాడికి పద్ధతి కంఠతా వచ్చి ఉండాలి. డిఫెన్స్ ముందు వరుస చివర్లలో మైకా పార్సన్స్, డిమార్కస్ లారెన్స్ గట్టివాళ్లు. వాళ్లకు బదులుగా దిగే డోరెన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్, డాంటే ఫౌలర్ ఇద్దరూ క్విన్ వెంట వాషింగ్టన్ వెళ్లిపోయారు. ఆ చోటు తీసుకోవాల్సిన శామ్ విలియమ్స్‌కు శిక్షణ మొదట్లోనే మోకాలి లిగమెంట్ తెగింది. 2023లో తొమ్మిది ఇంటర్‌సెప్షన్లు, అంటే ఎదుటివాళ్ల పాస్‌లు, మధ్యలోనే పట్టి, అందులో ఐదింటిని టచ్‌డౌన్లు చేసి రికార్డు పెట్టిన కార్నర్‌బ్యాక్ డరాన్ బ్లాండ్‌కు ఆగస్టులో పాదం ఎముక చిట్లింది. అతని చోట ఐదో రౌండ్‌లో వచ్చిన కొత్త కుర్రాడు కేలెన్ కార్సన్ దిగాల్సి వచ్చింది. ఇవన్నీ ఒక్కో వార్తగా వస్తే చిన్నవిగా కనిపిస్తాయి, ఒకే కాగితం మీద రాస్తే జట్టు ఎంత పలచబడిందో తెలుస్తుంది.

ఆఫెన్స్ లైన్‌లోనూ ఇలాంటి ప్రశ్నే. క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ కుడిచేతివాటం. విసరడానికి తిరిగినప్పుడు ఎడమ వైపు అతనికి కనిపించదు. ఆ వైపు కాపాడేవాడు లెఫ్ట్ ట్యాకిల్. పదమూడేళ్లు జట్టులో ఉండి, చాలాకాలం ఆ పనే చేసిన టైరన్ స్మిత్ న్యూయార్క్ జెట్స్‌కు వెళ్లాడు, సెంటర్ టైలర్ బియాడాజ్ వాషింగ్టన్‌కు. జట్టు డ్రాఫ్ట్‌లో 24వ ఎంపికను డెట్రాయిట్‌కు ఇచ్చి 29, 73 తీసుకుంది. 29తో ఓక్లహోమా కుర్రాడు టైలర్ గైటన్, 73తో కాన్సస్ స్టేట్ కుర్రాడు కూపర్ బీబీ. బేరం తెలివైనదే. కాకపోతే గైటన్ కాలేజీలో ఎక్కువగా కుడివైపు ఆడాడు. అక్కడి క్వార్టర్‌బ్యాక్ ఎడమచేతివాటం కాబట్టి కుడివైపే కనిపించని వైపు. ఎడమకు మారితే వెనక్కి వేసే మొదటి అడుగు రెండో కాలితో వేయాలి, ముందు చాచే చెయ్యి మారాలి. శరీరం ఆలోచించే ఆ అర క్షణంలో ఎదుటివాడు పక్కనుంచి దూరతాడు. అప్పుడు భుజం పట్టుకుని లాగితే హోల్డింగ్, పది గజాల శిక్ష. ముందే కదిలితే ఐదు గజాలు. బీబీ గార్డుగా, ట్యాకిల్‌గా పేరు తెచ్చుకున్నవాడు, సెంటర్ పని కొత్తగా నేర్చుకోవాలి. ఎడమ గార్డు టైలర్ స్మిత్, కుడి గార్డు జాక్ మార్టిన్ ఇద్దరూ గట్టివాళ్లు కాబట్టి బీబీకి రెండు పక్కలా దన్ను ఉంది. గైటన్‌కు బయట వైపు ఎవరూ లేరు. అందుకే నేనైతే బీబీ గురించి తక్కువ, గైటన్ గురించి ఎక్కువ కంగారు పడతాను.

ఇక అందరూ మాట్లాడుకునే చోటు. ప్రెస్కాట్ 2023లో 36 టచ్‌డౌన్ పాస్‌లతో లీగ్‌లో మొదట నిలిచాడు. సీడీ లాంబ్ 135 క్యాచ్‌లు, 1,749 గజాలు. రెండూ ఆ జట్టు చరిత్రలోనే ఎక్కువ. ఈ ఆఫెన్స్‌లో క్వార్టర్‌బ్యాక్ వెనక్కి వేసే అడుగులకూ రిసీవర్ పరుగెత్తే అడుగులకూ లెక్క కుదరాలి. రిసీవర్ తిరగకముందే బంతి చేతిలోంచి వెళ్లిపోతుంది. లాంబ్ ఒప్పందం కోసం శిక్షణ మొత్తానికీ రాలేదు. ఆగస్టు 26న నాలుగేళ్లకు 136 మిలియన్ డాలర్లకు కుదిరింది. ప్రెస్కాట్ ఒప్పందం మొదటి మ్యాచ్ రోజునే, సెప్టెంబర్ 8న కుదిరింది: నాలుగేళ్లకు 240 మిలియన్లు. ఆ ఏడాది జట్టు మొత్తం జీతాల పరిమితి 255.4 మిలియన్లు. సంతకం బోనస్‌ను ఐదేళ్ల దాకా లెక్కల్లో పరచుకోవచ్చు. 50 మిలియన్లు ఇస్తే ఏడాదికి పదే పడుతుంది. అయినా వసంతంలో ఈ ఒప్పందాలు తేలకపోతే, మిగిలినవాళ్లకు ఎంత ఖర్చు పెట్టవచ్చో తేలదు. హాంకిన్స్ లాంటి మధ్యతరహా ఆటగాళ్లు వెళ్లిపోయేది అప్పుడే. ఆలస్యం ఖరీదు స్టార్ దగ్గర కనపడదు, లైన్ మధ్యలో కనపడుతుంది.

రన్నింగ్ బ్యాక్‌లలో టోనీ పొలార్డ్ వెళ్లి ఎజెకియెల్ ఎలియట్ తిరిగి వచ్చాడు. నా లెక్కలో అసలు మనిషి రీకో డౌడల్. తన్నేవాడు బ్రాండన్ ఆబ్రీ మన సాకర్ ఆడి వచ్చినవాడు. 2023లో ఫీల్డ్ గోల్స్, అంటే స్తంభాల మధ్యకు తన్నే బంతులు, మొదటి 35 వరుసగా కొట్టాడు. అంటే బంతి ఎదుటివాళ్ల 40 గజాల గీత దాకా చేరితే మూడు పాయింట్లు దాదాపు చేతిలో ఉన్నట్టే.

మరి ఏం జరిగింది? మొదటి మ్యాచ్ క్లీవ్‌లాండ్‌లో 33-17 తేడాతో గెలిచారు. అందరూ సంబరపడ్డారు. ముందంజలో ఉన్నప్పుడు ఎదుటి జట్టు పాస్‌లే ఆడాలి, పార్సన్స్ లాంటివాళ్లకు అది పండగ. మధ్యలోని బలహీనత బయటపడదు. రెండో వారం న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ ఆర్లింగ్టన్‌కు వచ్చి బంతి దక్కిన మొదటి ఆరుసార్లూ టచ్‌డౌన్లు చేసి 44-19 తేడాతో గెలిచారు. మూడో వారం బాల్టిమోర్ 274 గజాలు పరుగుతోనే సాధించింది. తర్వాతి వారం న్యూయార్క్ జెయింట్స్‌తో మ్యాచ్‌లో పార్సన్స్, లారెన్స్ ఇద్దరూ గాయపడ్డారు. నవంబర్‌లో ప్రెస్కాట్ తొడ కండరం తెగింది. అది ఎవరూ ముందుగా చెప్పగలిగేది కాదు. డౌడల్ మాత్రం వెయ్యి గజాలు దాటాడు. చివరికి 7 గెలుపులు, 10 ఓటములు.

వచ్చే ఆగస్టులో మీరే చేసి చూడండి. ఒక కాగితం మీద ఆఫెన్స్ పదకొండు చోట్లు, డిఫెన్స్ పదకొండు చోట్లు గీయండి. ఒక్కో చోట ఇద్దరి పేర్లు రాయండి, పోయిన ఏడాది అదే చోట అదే కోచ్ కింద ఆడినవాడైతే పక్కన చుక్క పెట్టండి. గాయంలో ఉన్నవాడి పేరు కింద గీత. నాలుగు మ్యాచ్‌లైనా తప్పిపోయే గాయాల జాబితాలో ఉన్నవాడిని లెక్కలోంచి తీసేయండి. సన్నాహక మ్యాచ్‌ల స్కోరు రాయకండి, అక్కడ ఆడేవాళ్లలో సగం మంది 53లో ఉండరు. చుక్కలు లేని చోట్లు రెండు పక్కపక్కన వచ్చాయా చూడండి, ముఖ్యంగా లైన్ల మధ్యలో. కాగితం పూర్తయ్యాక నాకు ఫోటో తీసి పంపండి. ఫ్రిస్కోవాళ్లు ఆఫెన్స్ రాయండి, ఇక్కడివాళ్లు డిఫెన్స్ రాయండి, ఆ తర్వాత మార్చుకుని దిద్దుకోండి.

ఇట్లు
మీ పెదనాన్న