ఇంగ్లీష్ పీరియడ్ గురించి నేను ఏటా వినే మాటలు

తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీష్ చెబుతున్నాను. టెన్త్ పిల్లల తల్లిదండ్రులు బడి తెరిచినప్పుడు ఒకసారి, ప్రీఫైనల్ మార్కులు చూశాక ఇంకోసారి వస్తారు. రెండుసార్లూ దాదాపు ఇవే మాటలు.

అపోహ: ఇంగ్లీష్ మీడియంలో వేశాం కాబట్టి ఇంగ్లీష్ అదే వస్తుంది.

మన ప్రభుత్వ బడుల్లో 2022-23లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీష్ మీడియం పెట్టారు. సైన్స్, సోషల్ ఇంగ్లీష్‌లోనే చదువుతున్నారు, నిజమే. కానీ అక్కడ జవాబు గుర్తుంటే చాలు. సొంతంగా వాక్యం కట్టమని అడిగేది ఇంగ్లీష్ పీరియడ్ ఒక్కటే.

అపోహ: ఆ పీరియడ్‌లో తెలుగు వినపడకూడదు.

దీంతో నాకు అస్సలు పడదు. 'ఎ' ఎక్కడ, 'యాన్' ఎక్కడ అన్నదే తీసుకోండి. ఏ, ఈ, ఐ, ఓ, యూ ముందు 'యాన్' అని చిన్న తరగతుల నుంచీ వల్లె వేయిస్తాం. అందుకే టెన్త్‌కొచ్చినా 'యాన్ యూనివర్సిటీ', 'ఎ అవర్' అని రాస్తారు. నేను ఆ మాటల్ని బోర్డు మీద తెలుగు అక్షరాల్లో రాయమంటాను. 'యూనివర్సిటీ' మొదలయ్యేది యకారంతో, అంటే హల్లు, కాబట్టి 'ఎ'. 'అవర్'లో మొదటిది అచ్చు, కాబట్టి 'యాన్'. 'వన్ రూపీ కాయిన్'? వకారం, 'ఎ' చాలు. ఇంగ్లీష్ స్పెల్లింగ్ దాచేసిన శబ్దాన్ని మన లిపి బయటపెట్టేస్తుంది. 

తెలుగు దెబ్బతీసే చోట్లూ ఉన్నాయి. 'గురించి చర్చించాం' కదా అని, 'డిస్కస్డ్' ఒక్కటే చాలే చోట 'డిస్కస్డ్ అబౌట్' రాస్తారు. ఆ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో చూపించాలన్నా పక్కన తెలుగు వాక్యం రాయాల్సిందే. అలాగని పాఠమంతా లైను లైనుకీ తెలుగులో అర్థం చెప్పుకుంటూ పోతే అది పురాణ కాలక్షేపం అవుతుంది.

అపోహ: గైడ్ బట్టీ పడితే మార్కులు గ్యారంటీ.

టెన్త్ పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చుంటే తెలుస్తుంది. పాఠంలో ఒక సన్నివేశం చెప్పి, ఆ పాత్ర ఆ రాత్రి డైరీలో ఏం రాసుకుంటుందో రాయమని ప్రశ్న. కట్టలో వరసగా పేపర్లన్నిట్లో ఒకే డైరీ, ఒకే స్పెల్లింగ్ తప్పుతో సహా. కొందరైతే బట్టీపట్టిన లెటర్‌నే డైరీ అని దించేస్తారు. మార్కులు ఎక్కడ వెతికి వెయ్యాలి?

అపోహ: లిటరేచర్ అంటే ఇంగ్లండు వాళ్ల కథలు, ముందు గ్రామర్ కానివ్వండి.

మన పదో తరగతి ఇంగ్లీష్ పుస్తకంలో పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథ అనువాదం పాఠంగా ఉంది. ఇంగ్లీష్ లెక్చరర్‌గా పనిచేసిన రచయిత్రి తెలుగులో రాసిన కథ, ఇంగ్లీష్‌లోకి వెళ్లి మన పిల్లల దగ్గరికే తిరిగొచ్చింది. అందులో ఒక గృహిణి తన పేరే మర్చిపోతుంది. పిల్లల్ని అడిగితే, నువ్వు అమ్మవి, నీ పేరు అమ్మే అంటారు. 

చదవడం అయ్యాక పుస్తకం మూయించి, "మీ అమ్మని పేరు పెట్టి పిలిచేది ఎవరు? ఇంగ్లీష్‌లో ఒక్క వాక్యం" అన్నాను. క్లాసులో చప్పుడు లేదు. చివరి బెంచీ అబ్బాయి చాలాసేపు ఆలోచించి రాశాడు: 'బ్యాంక్ సార్ కాలింగ్ మై మదర్ నేమ్.' వాళ్లమ్మ మహిళా సంఘంలో ఉంది. లోన్ రోజున ఆమె పేరు పైకి వినపడుతుందన్నమాట.

ఆ వాక్యాన్ని ఆ రోజు దిద్దలేదు. మర్నాడు అదే బోర్డు మీద రాస్తే, ప్రతిసారీ జరిగేదానికి 'కాల్స్' అని, అమ్మ పేరు అంటే 'మదర్స్ నేమ్' అని క్లాసే సరిచేసింది. గ్రామర్ ముందా, కథ ముందా అని అడిగేవాళ్లకి నేను ఈ వాక్యమే చూపిస్తాను.

అపోహ: మాకు ఇంగ్లీష్ రాదు, ఇంట్లో మేమేం చేయగలం?

అన్నం తినేటప్పుడు ఆ రోజు పాఠం తెలుగులో చెప్పమనండి. చెప్పగలిగితే అర్థమైనట్టే. ఎక్కడ ఆగాడో అక్కడ అర్థం కాలేదని వాడికే తెలుస్తుంది, పొద్దున్నే వచ్చి నన్ను అడుగుతాడు. 

ఒకసారి ఒకావిడ మార్కుల సంగతి మాట్లాడటానికి వచ్చి, అది పక్కనపెట్టి అడిగింది: "మావాడు సగమే చెప్పి నిద్రపోయిండు సార్. ఆమెకి పేరు యాదికొచ్చిందా?"

వచ్చిందమ్మా, పాత స్నేహితురాలు 'శారదా' అని పిలిచింది అని చెప్పాను.