గండుచీమలు గూడు దాటి రావట్లేదా? అపోహలు – వాస్తవాలు

తొలకరి వానలు పడ్డాక సాయంత్రం పూట వీధి దీపాల కింద రెక్కల గండుచీమలు రాలుతుంటాయి. రెక్కలు విడిచేసి గోడవారగా పరుగెత్తే లావుపాటి రాణిని పట్టి టెస్ట్ ట్యూబులో పెట్టుకున్నవాళ్ళు, సుమారు రెండు నెలలకి నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, రాణి బాగానే ఉంది. ఆరు చీమలు పుట్టాయి. ట్యూబుని అవి తిరగడానికి పెట్టిన డబ్బాకి కలిపి వారమైంది. ఒక్కటి కూడా బయటికి రావట్లేదు. చచ్చిపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది."

గుంటూరులో ఏడేళ్ళుగా చీమలు పెంచుతున్నాను. ఎక్కువగా పెంచేది మన ఇళ్ళ చుట్టూ తిరిగే నల్ల గండుచీమ, కాంపోనోటస్ కంప్రెసస్. ఈ టెన్షన్ నేనూ పడ్డాను, దాని వల్ల రెండు కాలనీలు, అంటే రాణీ దాని చీమలూ కలిసిన రెండు కుటుంబాలు, పోగొట్టుకున్నాను కూడా. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: బయటికి రాని కాలనీ ఆకలితో చచ్చిపోతుంది.

వాస్తవం: ముందు ఆ ఆరు చీమలూ ఎలా పుట్టాయో చూడండి. గండుచీమ రాణి రెక్కలు విడిచాక ఒక మూల దాక్కుని, మొదటి చీమలు పుట్టేదాకా ఏమీ తినదు. రెక్కలు ఆడించిన కండరాలు ఇక దానికి అక్కర్లేదు. ఆ కండరాలనీ ఒంట్లోని కొవ్వునీ కరిగించుకుని, దాంతోనే లార్వాలకి, అంటే గుడ్ల నుంచి వచ్చిన పురుగుల్లాంటి పిల్లలకి, తినిపిస్తుంది. ఉన్న కొంచెంతో సాకిన పిల్లలు కాబట్టి మొదటి కాన్పు చీమలు చిన్నగా ఉంటాయి. చీమలు పెంచేవాళ్ళు వీటిని నానిటిక్స్ అంటారు. పెద్ద పుట్టలో కనిపించే బుర్రపెద్ద సైనికుల పక్కన పెడితే ఇవి వేరే జాతేమో అనిపిస్తుంది.

వీటికి పిరికితనం ఉండాల్సిందే. వెయ్యి చీమల పుట్టలో ఒకటి బయటికెళ్ళి సాలీడు నోట పడితే పుట్టకి తెలియను కూడా తెలియదు. ఆరు చీమల ఇంట్లో ఒకటి పోతే ఇంటి పనిలో ఆరో వంతు ఆగిపోతుంది. అందుకే మరీ అవసరమైతే తప్ప గడప దాటవు.

పైగా చీమకి రెండు కడుపులు. ఒకటి తన కోసం, ఇంకోటి అందరి కోసం. బయట తాగొచ్చిన తీపి నీళ్ళు ఈ ఉమ్మడి కడుపులో ఉంటాయి, అక్కణ్ణుంచి నోటికి నోరు ఆనించి మిగతావాటికి పంచుతుంది. ఒక్క చీమ ఒక్క రాత్రి కడుపు నింపుకుని వస్తే చిన్న కాలనీకి చాలా రోజులు గడిచిపోతుంది. మీ చీమల వెనక పొట్టని జాగ్రత్తగా చూడండి. నల్ల పలకల మధ్య లేత గీతలు సాగి కనిపిస్తుంటే కడుపు నిండుగా ఉన్నట్టే. పలకలు ఒకదాని మీద ఒకటి ముడుచుకుని పొట్ట చిన్నదైపోతే అప్పుడు ఆలోచించాలి.

ఇంకో సంగతి. "రావట్లేదు" అనేవాళ్ళలో చాలామంది దగ్గర చీమలు నిజానికి వస్తున్నాయి, మనం నిద్రపోయాక. అనుమానం తీరాలంటే పంచదార నీళ్ళలో కొంచెం నీలం ఫుడ్ కలర్ కలిపి, ఒక చుక్క రాత్రి పెట్టండి. తాగిన చీమ పొట్ట గీతల్లో పొద్దున్నే ఆ రంగు కనిపిస్తుంది. చుక్క తగ్గిందా లేదా అని చూసి నిర్ణయించకండి, మన ఎండలకి అది ఊరికే ఆవిరైపోతుంది.

అపోహ: ఎంత పెద్ద జాగా ఇస్తే అంత బాగా తిరుగుతాయి.

వాస్తవం: నా మొదటి పెద్ద తప్పు ఇదే. ఎనిమిది చీమల కాలనీ ఉన్న ట్యూబుని రెండడుగుల గాజు తొట్టెలో పెట్టాను. ఇసుక పోశాను, రాళ్ళు పేర్చాను, చిన్న మొక్కలు నాటాను. చూడ్డానికి అడవిలా ఉంది. మూడు వారాలు ఒక్కటీ రాలేదు. తర్వాత ఒకటి వచ్చింది, దారి తప్పింది, తొట్టె ఆ చివర రాయి వెనక చచ్చి కనిపించింది. ఆ తర్వాత మిగతావి అస్సలు కదల్లేదు. వాటిని తీసి అరచేతంత డబ్బాకి మార్చాను. నాలుగో రాత్రి ఒక చీమ డబ్బా మొత్తం చుట్టి వెళ్ళింది.

చిన్న డబ్బాలో తిండి దగ్గర, ఇల్లు దగ్గర. తన గూటి వాసన త్వరగా డబ్బా అంతా అలుముకుంటుంది. కొత్త చోట చీమ నాలుగడుగులు వేసి వెనక్కి పరుగెడుతుంది, మళ్ళీ వచ్చి అయిదడుగులు వేస్తుంది. ఆ రాకపోకలే దానికి చదువు.

నేను చేసేది ఇది. ట్యూబు మూతిలో దూదిని పూర్తిగా తీసెయ్యకుండా, మధ్యలో స్ట్రా ముక్క ఒకటి గుచ్చుతాను. ఒక్క చీమ పట్టేంత సన్నని వాకిలైతే కాపలా కాయడం తేలిక, లోపలున్నవి ధీమాగా ఉంటాయి. డబ్బా నున్నటి ప్లాస్టిక్ అయితే అడుగున సన్న ఇసుక పల్చగా అంటిస్తాను, లేకపోతే కాళ్ళు జారి భయపడతాయి. మొదటి తిండి వాకిలికి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో పెడతాను. అక్కడికి రావడం అలవాటయ్యాక, నాలుగైదు రోజులకోసారి బొటనవేలంత దూరం జరుపుతాను. ఎండుటాకు ముక్కో చిన్న పుల్లో వేస్తే దాని చాటున నడుస్తాయి. పెద్ద తొట్టె యాభై చీమలు దాటాక చూసుకోవచ్చు.

అపోహ: ట్యూబుని తట్టినా, లైటు వేసినా, వేడి తగిలించినా బయటికొస్తాయి.

వాస్తవం: వస్తాయి, ప్రాణభయంతో. దాన్ని తిరగడం అనరు. చీమ కాళ్ళతో అదురుని పసిగడుతుంది. మనకి చిన్న టకటక, వాటికి పుట్ట కూలుతున్నట్టే. ఇలా పదే పదే కంగారు పెడితే రాణి తన గుడ్లని తానే తినేస్తుంది. మిక్సీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఉన్న గోడకి ట్యూబు ఆనించకండి, కింద స్పాంజి ముక్క వెయ్యండి. ట్యూబుకి ఎర్ర కాగితం చుట్టండి. చీమలకి ఎరుపు సరిగా కనపడదు కాబట్టి వాటికి చీకటి, మనకి చూసే వీలు. రోజూ తీసి చూడొద్దు, వారానికి ఒకసారి చాలు.

అపోహ: ఎప్పుడూ తిండి ఉంచితే, రకరకాలవి పెడితే ఉత్సాహంగా వేటకి వస్తాయి.

వాస్తవం: దీనికి పూర్తిగా వ్యతిరేకం. చీమని గడప దాటించేది బయట ఉన్న రుచి కాదు, లోపలున్న వెలితి. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో మన గండుచీమకి దాయాది అయిన కాంపోనోటస్ శాంక్టస్‌కి మెరిసే తిండి తాగించి, అది ఏ చీమ నుంచి ఏ చీమకి ఎంత పోతోందో కొలిచారు. 2018లో వచ్చిన ఆ పరిశోధనలో తేలిందేమిటంటే, అందుకునే చీమ కడుపులో ఎంత ఖాళీ ఉంటే తెచ్చిన చీమ అంతగా పంచగలుగుతుంది. అందరి కడుపులూ నిండేకొద్దీ కాలనీలోకి తిండి రావడమూ నెమ్మదిస్తుంది. అమెరికా ఎడారుల్లోని ఎర్ర గింజల చీమల మీద శాస్త్రవేత్త డెబొరా గోర్డన్ ఏళ్ళ తరబడి చేసిన పనిలోనూ ఇలాంటిదే కనిపిస్తుంది. గింజలతో తిరిగొచ్చే చీమలు ఎంత తొందరగా ఎదురుపడితే, లోపల ఎదురుచూసేవి అంత తొందరగా బయల్దేరతాయి. బయల్దేరమని చెప్పే యజమాని అక్కడ ఎవరూ లేరు.

కాబట్టి వాటికి ఖాళీ రోజులు ఇవ్వండి. ఒకపాళ్ళు పంచదార, మూడుపాళ్ళు నీళ్ళు కలిపి, అగ్గిపుల్ల కొసతో ఒక చుక్క చాలు, ఫాయిల్ ముక్క మీద సాయంత్రం పెట్టండి. పొద్దున్నే తీసెయ్యండి. తర్వాత రెండు మూడు రోజులు ఏమీ పెట్టకండి. ట్యూబు అడుగున దూది వెనక నీళ్ళు మాత్రం ఉండి తీరాలి.

లోపల లార్వాలు ఉంటే మాంసకృత్తులూ కావాలి. లార్వాలే కాలనీకి అసలు ఆకలి. అవి లేని కాలనీ తిండి కోసం అంతగా కదలదు. పెద్ద చీమ గట్టి పదార్థం మింగలేదు, రసం మాత్రమే తాగుతుంది. నమిలి అరిగించే పని లార్వాలది. ముగ్గు మీది బియ్యప్పిండిని అక్కడే తినకుండా చీమలు పుట్టకి మోసుకుపోవడం చిన్నప్పుడు అందరం చూశాం కదా. గండుచీమ పిల్ల కాలనీకి కీచురాయి కాలు ఒకటి, వేడినీళ్ళలో ముంచి, మధ్యకి కోసి, తడి కనిపించేలా పెడితే సరిపోతుంది. ఉడికించిన కోడిగుడ్డు సొన ఆవగింజంత కూడా పనికొస్తుంది. ఇంట్లో పట్టిన బొద్దింక మాత్రం వద్దు. అది ఏ మందు మీద నడిచొచ్చిందో మనకి తెలియదు. నా రెండో కాలనీ అలాగే పోయింది.

అపోహ: ట్యూబు లోపలే తినిపిస్తే సోమరులైపోతాయి, వేట మరిచిపోతాయి.

వాస్తవం: మరిచిపోవు. వేట వయసుతో వచ్చే పని. స్విట్జర్లాండ్‌లోని లోజాన్ విశ్వవిద్యాలయంలో మన గండుచీమకి మరో దాయాది కాంపోనోటస్ ఫెల్లా చీమల వీపున చిన్న చిన్న కోడ్ ముక్కలు అంటించి 41 రోజులు కెమెరాతో వెంబడించారు, 2013లో ఆ ఫలితాలు వచ్చాయి. చిన్న వయసువి రాణి దగ్గర, పిల్లల దగ్గర ఉంటాయి. తర్వాత గూడు ఊడ్చే పనిలోకి, బాగా పెద్దయ్యాక తిండి తేవడానికి బయటికి జరుగుతాయి. మీ ఆరు చీమలూ ఇంచుమించు ఒకే వయసువి, నిన్నగాక మొన్న పుట్టినవి. రెండో కాన్పు పిల్లలు వచ్చి ఇంటి పని అందుకున్నాక పెద్దవి వాటంతటవే వాకిట్లోకి వస్తాయి. నా దగ్గర చాలా కాలనీల్లో పదిహేను, ఇరవై చీమల దగ్గర ఈ మార్పు కనిపించింది. అప్పటిదాకా ఫాయిల్ ముక్క మీద చుక్క పెట్టి ట్యూబు మూతిలోనే ఇవ్వండి. తిండి బాగా అందితే లార్వాలు పెరుగుతాయి, లార్వాలు పెరిగితే ఆకలి పెరుగుతుంది.

అపోహ: ధైర్యం రావాలంటే వేరే పుట్ట నుంచి నాలుగు పెద్ద చీమలు తెచ్చి కలపాలి.

వాస్తవం: దయచేసి ఈ పని చెయ్యకండి. ఒంటి వాసన తేడా రాగానే కొరుక్కుని చంపుకుంటాయి. ఒక్కోసారి రాణి కూడా పోతుంది.

అపోహ: మొదటి చీమ వచ్చేసింది కదా, ఇక అన్నీ వచ్చేస్తాయి.

వాస్తవం: చాలా రోజులపాటు ఆ ఒక్కటే వస్తుంది. తర్వాత ఒక రాత్రి రెండు కలిసి వస్తాయి. బంగారు పొట్ట గండుచీమ కాంపోనోటస్ సెరీసియస్‌లో దీన్ని 1974లోనే వివరంగా రాశారు. దారి తెలిసిన చీమ ముందు నడుస్తుంది, వెనకది మీసాలతో దాని పొట్టని తాకుతూ వెంబడిస్తుంది. తాకిడి ఆగితే ముందుది నిలబడి ఎదురుచూస్తుంది. మీ దగ్గర సెరీసియస్ ఉంటే ఈ నడక తప్పక చూడండి. గది చీకటి చేసి, ఎర్ర కాగితం చుట్టిన టార్చి వెలుగులో, ఊపిరి డబ్బా మీద పడకుండా కాస్త దూరంగా కూర్చోండి. ఫోటో తీస్తే ఫ్లాష్ మాత్రం ఆపెయ్యండి.