ఇంట్లో మనిషి చివరి దశలో ఉంటే నవ్వకూడదా? కొన్ని అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో పాలియేటివ్ కేర్ (జబ్బు వల్ల కలిగే నొప్పి, బాధలు తగ్గించి ఊరటనిచ్చే వైద్యం) నర్సుగా ఇళ్లకు వెళ్లి పేషెంట్లను చూస్తుంటాను. ఎక్కువమంది క్యాన్సర్ వాళ్లే. చాలా ఇళ్లలో టీవీ బంద్, పిల్లలు గుసగుసలు, పేషెంట్ ఒక్కరే గదిలో ఫ్యాన్ వంక చూస్తూ పడుకుని ఉంటారు. "ఇంట్లో మనిషి ఇలా ఉంటే మాకింక సంతోషం ఎక్కడిది సిస్టర్?" అంటారు. నేను ఒప్పుకోను. నేను చూసినంతవరకు ఆ ఇళ్లలో నవ్వును ముందు మింగేసేవి నొప్పి, దాపరికం, నిద్రలేమి. ఈ మూడింటికీ ఎంతో కొంత చేయొచ్చు.

అపోహ: మార్ఫిన్ (తీవ్రమైన నొప్పికి ఇచ్చే మందు) మొదలుపెట్టారంటే ఇక రోజులు లెక్కపెట్టుకోవాల్సిందే.

ముందు దీని సంగతి చూడాలి. మనిషి మూలుగుతుంటే పక్కన కూర్చున్నవాళ్లకు కబుర్లేం వస్తాయి? మార్ఫిన్ ఇచ్చేది నొప్పి ఎంత ఉందో చూసి, ఎన్ని రోజులు మిగిలాయో చూసి కాదు. నెలల తరబడి ఆ మాత్రలు వేసుకుంటూ పూజ చేసుకునేవాళ్లు, రైతుబజారుకు వెళ్లొచ్చేవాళ్లు ఉన్నారు. డాక్టర్ రాసిన మోతాదులో వాడితే ఆయుష్షు తగ్గదు. మామూలు మాత్రయితే నాలుగు గంటలకోసారి, గడియారం చూసి వేయాలి. "నొప్పి వచ్చాక వేద్దాంలే" అని ఆగితే ఆ నొప్పిని దించడానికి రెట్టింపు అవస్థ. మొదట్లో వచ్చే మగత సాధారణంగా కొద్ది రోజుల్లో తగ్గుతుంది. మలబద్ధకం మాత్రం తగ్గదు, దానికి మందు మొదటి రోజు నుంచే ఉండాలి.

1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల నియంత్రణ) చట్టం వల్ల చాలా ఏళ్లు మార్ఫిన్ దొరకడం గగనమైపోయింది. 2014లో సవరించాక నిబంధనలు కొంత సడలాయి. అయినా వీధి చివర మెడికల్ షాపులో దొరికే మందు కాదిది. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది, అక్కడ అడగండి.

అపోహ: అసలు సంగతి చెబితే తట్టుకోలేరు.

గేటు దగ్గరే కొడుకు ఆపేస్తాడు: "అమ్మకు గ్యాస్ట్రిక్ అని చెప్పాం, మీరు బయటపడొద్దు." లోపలికి వెళ్లి బీపీ చూస్తుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నాకు తెలుసమ్మా, పిల్లాడే తట్టుకోలేడు, వాడికి చెప్పకు" అంటుంది. ఇద్దరూ ఒకరికొకరు నటిస్తూ అలసిపోతుంటారు. అలాగని ఒక్కసారిగా అంతా కుమ్మరించమని కాదు. "నీకేమనిపిస్తోందమ్మా? ఏమైనా అడగాలనుందా?" అని అడిగి ఊరుకోండి. వాళ్లు ఎంతవరకు అడిగితే అంతవరకే చెప్పండి. ఏడుపులుంటాయి. ఆ తర్వాతే బ్యాంకు లాకరు సంగతీ, మనవరాలికి ఇవ్వాల్సిన గాజుల సంగతీ, పాత కబుర్లూ బయటికొస్తాయి.

అపోహ: తిండి తగ్గిందని ఊరుకుంటే పస్తు పెట్టి చంపినట్టే.

మన ఇళ్లలో ప్రేమంతా ముద్దలోనే ఉంటుంది కాబట్టి ఈ మాట ఎవరికీ ఎక్కదు. చివరి రోజుల్లో ఒంటికి ఆకలి తగ్గిపోతుంది, తిన్నదాన్ని వాడుకునే శక్తీ ఉండదు. బలవంతంగా పెడితే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. "కనీసం సెలైన్ అయినా ఎక్కించండి" అంటారు. ఆ దశలో ఎక్కించిన నీరు తరచూ కాళ్లవాపుగా, ఛాతీలో గురగురగా తేలుతుంది. దానికన్నా తడి గుడ్డతో నోరు తుడిచి పెదాలకు కాస్త వెన్న రాయడం వాళ్లకు హాయి.

మల్కాజిగిరిలో ఒక ఇంట్లో పెద్దావిడ అన్నం దాదాపు మానేశారు. మే నెల, ఆవకాయల రోజులు. కోడళ్లు బేసిన్ మంచం దగ్గరికే తెచ్చి అక్కడే కలిపారు. ఆవిడ వేలి కొనతో నాలుక మీద రాసుకుని, "ఉప్పు చాలలేదు. పోయినేడూ ఇంతే చేశావు" అంది. గది గదంతా గొల్లుమంది. ఆ పూట ఆవిడ తిన్నది ఆ వేలి కొనంతే. నా లెక్కలో అది విందు భోజనం.

అపోహ: పిల్లల్ని ఆ గదిలోకి పోనివ్వకూడదు.

క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదు. పోనివ్వండి.

అపోహ: పాలియేటివ్ కేర్ అంటే డాక్టర్లు చేతులెత్తేయడం.

చికిత్స నడుస్తుండగానే ఇది మొదలుపెట్టొచ్చు, పెట్టాలి కూడా. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్ల మీద అమెరికాలో జరిగి 2010లో వెలువడిన అధ్యయనంలో, మొదటి నుంచీ పాలియేటివ్ కేర్ అందినవాళ్లకు దిగులు తక్కువగా ఉంది. వాళ్లు సగటున రెండు నెలలకు పైగా ఎక్కువ కాలం బతికారు కూడా.

అపోహ: చూసుకునేవాళ్లు పక్కనుంచి కదిలితే పాపం.

రాత్రిళ్లు నిద్రలేని కోడలు పగలు మందులు తారుమారు చేస్తుంది, చిన్న మాటకే విసుక్కుంటుంది, ఆనక కుమిలిపోతుంది. వంతులు వేసుకోండి. ఇంట్లో అసలు చేతకానప్పుడు ఖాజాగూడలోని స్పర్శ్ హాస్పిస్ (చివరి దశలో ఉన్నవాళ్లను చూసుకునే కేంద్రం) లాంటి చోట ఉచితంగానే చూసుకుంటారు. చేర్చినంత మాత్రాన వదిలించుకున్నట్టు కాదు.

ఇక పరామర్శకు వచ్చేవాళ్ల గురించి ఒక్క మాట, అనకుండా ఉండలేను. హార్లిక్స్ సీసాలు, యాపిల్ పళ్లు తేవడం మానండి. అవి తినే స్థితిలో ఆ మనిషి లేరు, ఇంట్లో వాటికి చోటూ లేదు. గుమ్మంలోనే శోకాలు పెట్టొద్దు. రెండు గంటలు మంచం పక్కన మీరు కూర్చుని ఆ ఇంటి ఇల్లాల్ని పడుకోమనండి, లేదంటే అయిపోయిన మందులు తెచ్చిపెట్టండి.