జత విడిపోయేటప్పుడు సంతకం ఎవరిది?

ఉమ్మడి చిత్తూరు నుంచి తిరుపతి జిల్లా వేరుపడింది 2022 ఏప్రిల్ 4న. అప్పటికే కొంతకాలంగా తిరుపతిలో ఒకే కోర్టులో షటిల్ డబుల్స్ ఆడుతున్న ఇద్దరమ్మాయిల్లో ఒకరిది చంద్రగిరి, ఇంకొకరిది పూతలపట్టు. సరిహద్దు గీశాక మొదటి అమ్మాయి తిరుపతి జిల్లాలోకి వచ్చింది, రెండో అమ్మాయి చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయింది. ఎంపిక పోటీలు దగ్గరపడ్డప్పుడు ఎవరి జిల్లా తరఫున వాళ్ళే ఆడాలన్నారు. పూతలపట్టు అమ్మాయి నాన్న, వేరే జిల్లాకు ఆడడానికి అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌ఓసీ) కోసం నింపిన దరఖాస్తును నాకు చూపించారు: పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ప్రస్తుత జిల్లా, కోరుతున్న జిల్లా, కింద రెండు సంఘాల కార్యదర్శుల సంతకాలకు చోటు. ఆ అమ్మాయి ఎవరితో కలిసి ఆడుతోందో రాయడానికి అందులో గడి లేదు. "మా పాప ఒక్కతే ఆడే ఆట కాదు కదా సార్ ఇది" అన్నారాయన, కాగితాన్ని మడిచి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంటూ.

ఆ లేని గడి గురించిన తగవు అన్నిటికన్నా ఎక్కువగా నడిచిన ఆట పెయిర్ ఫిగర్ స్కేటింగ్. మన వైపు ఐస్ రింకు లేదు. తిరుపతి ఎండలో ఐసు అంటే చెరుకు రసం బండి మీది గడ్డే. అయినా ఈ ఆట తెలుగువారికి పూర్తిగా పరాయిది కాదు. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అవనీ పంచాల్‌తో కలిసి ఇదే విద్యను చక్రాల స్కేట్ల మీద ప్రదర్శించి జంట విభాగంలో కాంస్యం తెచ్చారు. ఐసు మీద గానీ చక్రాల మీద గానీ ఆట సారం ఒకటే. పురుషుడు తన జతను తలపైకి ఎత్తి తిప్పుతాడు, గాలిలోకి విసురుతాడు, ఆమె ఒంటి కాలి బ్లేడు మీద దిగుతుంది; ఇద్దరూ చేయి చాపినంత దూరంలో ఒకే వేగంతో గిరగిరా తిరుగుతారు. షటిల్‌లో జత పొరపాటు పడితే ఒక పాయింటు పోతుంది. ఇక్కడ పొరపాటు పడితే తల పగులుతుంది. అందుకే ఒకరి ఊపిరి లెక్క మరొకరికి పట్టుబడడానికి ఏళ్ళు పడుతుంది, ఆ ఏళ్ళను రద్దు చేసే అధికారం ఎవరిదన్న ప్రశ్న ఇక్కడ ఇంకే ఆటలో కన్నా బరువైనది.

1908 లండన్ ఒలింపిక్స్‌లోనే జంట స్కేటింగ్ ఉంది. తొలి దశాబ్దాల విజేతల్లో పలువురు దంపతులు: 1920లో ఫిన్లాండ్‌కు చెందిన యాకోబ్సన్ దంపతులు, 1928లోనూ, పెళ్ళయ్యాక 1932లోనూ ఫ్రాన్స్‌కు చెందిన బ్రూనే జంట, ఆ తర్వాత 1964లోనూ 1968లోనూ సోవియట్ దంపతులు బెలౌసోవా, ప్రొతొపోపొవ్. జత అంటే సంసారమే అయినప్పుడు జత మార్పు అనే మాటకు పెద్దగా చోటు లేదు. శిక్షణను ప్రభుత్వం చేతిలోకి తీసుకుని, ఎవరి ఎత్తుకు ఎవరి బరువు సరిపోతుందో కోచ్ నిర్ణయించే పద్ధతి సోవియట్ యూనియన్‌లో బలపడ్డాక కథ మారింది.

ఆ మార్పు బయటి ప్రపంచానికి మొదట కొట్టొచ్చినట్టు కనిపించింది 1972లో. ఇరీనా రోద్నినా, అలెక్సీ ఉలనోవ్ అప్పటికి వరుసగా ప్రపంచ విజేతలు. సప్పోరో ఒలింపిక్స్‌లోనూ స్వర్ణం వారిదే. రజతం గెలిచింది మరో సోవియట్ జంట, ల్యుద్మీలా స్మిర్నోవా, ఆంద్రేయ్ సురైకిన్. ఉలనోవ్, స్మిర్నోవా ప్రేమించుకున్నారు, ఇకపై కలిసి ఆడాలని నిర్ణయించుకున్నారు. ఆ నిర్ణయం తెలిసిన తర్వాత కూడా కాల్గరీ ప్రపంచ పోటీల్లో పాత జతలే ఐసు మీదికి దిగాల్సి వచ్చింది. పోటీకి ముందు సాధనలో ఉలనోవ్ ఎత్తిన ఎత్తు నుంచి రోద్నినా కింద పడ్డారు, తలకు దెబ్బ తగిలి ఆస్పత్రికి వెళ్ళారు. అయినా మళ్ళీ అతని చేతుల్లోనే లేచి ఆ టైటిల్ గెలిచారు. వదిలి వెళ్ళిపోతున్న మనిషి తనను నెత్తిన పెట్టుకుని తిప్పుతుంటే ఆమె కింద ఉన్న ఐసును ఎలా చూసి ఉంటుందో ఊహించుకోవలసిందే.

చరిత్ర ఆ తర్వాతి భాగాన్ని విజయగాథగా చెబుతుంది. కోచ్ స్తనిస్లావ్ జూక్ లెనిన్‌గ్రాడ్ నుంచి అలెగ్జాండర్ జైత్సెవ్ అనే యువకుణ్ణి తెచ్చి రోద్నినాకు జత చేశారు. 1973లో బ్రాతిస్లావా ప్రపంచ పోటీల్లో సంగీతం మధ్యలో ఆగిపోయినా ఇద్దరూ నిశ్శబ్దంలోనే ప్రదర్శన పూర్తి చేసి గెలిచారు. 1978 వరకు ప్రపంచ టైటిల్ ఆమె చేయి దాటలేదు. 1976, 1980 ఒలింపిక్స్ స్వర్ణాలూ ఆ జతవే. ఉలనోవ్, స్మిర్నోవా 1973, 1974 ప్రపంచ పోటీల్లో రెండో స్థానంలో నిలిచారు. నలుగురిలో ముగ్గురి సంగతి ఇది. నాలుగోవాడు సురైకిన్. ఒలింపిక్ రజతం గెలిచిన ఆ ఏడాదే జత కోల్పోయాక అతను మళ్ళీ ప్రపంచ పతక వేదిక ఎక్కలేదు. జత మార్పుల చరిత్ర రాసేవారు గెలిచినవారి వెంట పోతారు గనుక, ఇటువంటి నాలుగో మనిషి ప్రతి కథలోనూ ఒక వాక్యంలో ముగిసిపోతాడు.

జూక్ పద్ధతిలో మరో మలుపు ఉంది, నైతికంగా అది ఇంకా ఇబ్బందికరమైనది. బాగా చిన్న అమ్మాయిని బలమైన యువకుడికి జత చేస్తే ఎవరూ చేయలేని ఎత్తులు, తిరుగుళ్ళు సాధ్యమవుతాయని ఆయన కనిపెట్టారు. మరీనా చెర్కసోవా, సెర్గేయ్ షఖ్రాయ్ 1977లో నాలుగు చుట్ల ట్విస్ట్ (పైకి విసిరిన అమ్మాయి గాలిలో నాలుగు చుట్లు తిరిగి మళ్ళీ అతని చేతుల్లోకి రావడం) చేసి చూపించారు, 1980లో ఒలింపిక్ రజతమూ ప్రపంచ స్వర్ణమూ గెలిచారు. తర్వాత అమ్మాయి పొడవు పెరిగింది. జత తెగిపోయింది. పెరగడం తప్పా అని ఆ పిల్ల అడిగి ఉంటే ఏ సమాఖ్య దగ్గరా జవాబు ఉండేది కాదు. సీనియర్ పోటీలకు కనీస వయసును 15 నుంచి దశలవారీగా 17కు పెంచాలని అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ తీర్మానించింది 2022 జూన్‌లో, అదీ బీజింగ్ ఒలింపిక్స్‌లో ఒక పదిహేనేళ్ళ సింగిల్స్ క్రీడాకారిణి డోపింగ్ కేసు ప్రపంచం ముందు రచ్చయిన తర్వాత.

విడిపోవడం అన్యాయమైన సందర్భాలు ఉన్నట్టే, విడిపోలేకపోవడం అన్యాయమైన సందర్భాలూ ఉన్నాయి. ఎలీనా బెరెజ్నాయా లాత్వియా తరఫున ఒలెగ్ ష్ల్యాఖోవ్‌తో ఆడేవారు. అతని కరుకు ప్రవర్తన చుట్టుపక్కలవారికి తెలిసిన సంగతేనని తర్వాతి కాలంలో పత్రికలు విస్తారంగా రాశాయి. తెలిసినవారంతా ఆ జతను కొనసాగనిచ్చారు. 1996 జనవరిలో రీగాలో, యూరోపియన్ పోటీలకు ముందు, ఇద్దరూ పక్కపక్కన ఒంటికాలి మీద వంగి తిరిగే స్పిన్ సాధన చేస్తుండగా దూరం తగ్గింది, అతని స్కేటు బ్లేడు ఆమె కణత పక్కన పుర్రెలోకి దిగింది. శస్త్రచికిత్సల తర్వాత ఆమెకు మాట పోయింది. నడవడమూ మాట్లాడడమూ మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది. సెయింట్ పీటర్స్‌బర్గ్ స్కేటర్ ఆంటోన్ సిఖరూలిద్జే ఆస్పత్రికి వెళ్ళి ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు, కోచ్ తమారా మాస్క్వినా ఇద్దరినీ జతగా తీర్చిదిద్దారు, రెండేళ్ళకే నగానో ఒలింపిక్స్‌లో రజతం, 2002లో సాల్ట్ లేక్ సిటీలో స్వర్ణం వచ్చాయి. న్యాయనిర్ణేతల బేరసారాల రచ్చ వల్ల ఆ స్వర్ణాన్ని కెనడా జంటతో పంచుకోవాల్సి వచ్చింది, అది వేరే కథ. ఇక్కడ చూడవలసింది, బెరెజ్నాయా ఆ జత నుంచి బయటపడింది ఏ నిబంధన వల్లా కాదు, గాయం వల్ల.

మాస్క్వినా శిష్యుడే అర్తూర్ ద్మిత్రియెవ్. నటాలియా మిష్కుత్యోనోక్‌తో 1992లో, ఒక్సానా కజకోవాతో 1998లో గెలిచి, ఇద్దరు వేర్వేరు జతలతో ఒలింపిక్ పెయిర్ స్వర్ణం సాధించిన తొలి పురుషుడయ్యాడు. మొదటి జత ఆట చాలించింది, అతను కొత్త జతను వెతుక్కున్నాడు. తప్పుపట్టడానికి అందులో ఏమీ లేదు. దీనికి పూర్తిగా ఎదుటి కొసన యెకతెరీనా గోర్దేయెవా ఉన్నారు. రెండు ఒలింపిక్ స్వర్ణాలు కలిసి గెలిచిన భర్త సెర్గేయ్ గ్రింకోవ్ 1995 నవంబర్‌లో లేక్ ప్లాసిడ్‌లో సాధన మధ్యలోనే గుండె ఆగి చనిపోయాక ఆమె ఐసు మీదికి ఒంటరిగా తిరిగి వచ్చారు. తెలుగువారికి ఇక్కడ జంట కవులు గుర్తు రాక మానరు: తిరుపతి శాస్త్రి 1920లో పోయిన తర్వాత చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి మూడు దశాబ్దాల పాటు తానొక్కరే రాసిన వాటికీ తిరుపతి వేంకట కవులనే పేరే పెట్టారు. అయితే పద్యానికి ఒక చేయి చాలు, జతను తలపైకి ఎత్తే లిఫ్టుకు చాలదు. కాబట్టి కొత్త జతను వెతుక్కోవడాన్ని ద్రోహమని అనేవారి మాటను నేను ఒప్పుకోలేను.

జత మార్పు దేశం మార్పు కూడా అయినప్పుడు మన ఎన్‌ఓసీ కాగితం పెద్ద అంగీ తొడుక్కుంటుంది. పాత దేశపు సమాఖ్య విడుదల పత్రం ఇవ్వాలి, నిరీక్షణ కాలం గడవాలి. స్కేటింగ్ యూనియన్ పోటీలకు ఇద్దరిలో ఒకరు ఆ దేశ పౌరులైతే చాలు, ఒలింపిక్స్‌కు ఇద్దరూ పౌరులు కావాలి. ఈ మెలిక దగ్గరే చాలా జతలు పుట్టాయి, చాలా జతలు తెగాయి. కెనడా యువకుడు మెర్విన్ ట్రాన్‌తో కలిసి నరుమి తకహాషి 2012లో జపాన్‌కు జంట విభాగంలో తొలి ప్రపంచ పతకం తెచ్చారు. అతనికి జపాన్ పౌరసత్వం దొరికే దారి లేకపోవడంతో ఒలింపిక్స్ ఆశ మసకబారింది, ఆ ఏడాది చివరకే ఇద్దరూ విడిపోయారు. యుకో కవగుచి రష్యా తరఫున ఆడడానికి 2009లో జపాన్ పౌరసత్వాన్నే వదులుకున్నారు. ఆస్ట్రేలియా మూలవాసి హార్లీ విండ్సర్‌కు జతగా మాస్కో నుంచి యెకతెరీనా అలెగ్జాండ్రోవ్‌స్కాయాను కుదిర్చినప్పుడు ఆమెకు పదహారేళ్ళు కూడా నిండలేదు. 2017లో ఆస్ట్రేలియా పౌరసత్వం, 2018లో ఒలింపిక్స్, 2020 ఆరంభంలో మూర్ఛవ్యాధి అని తేలి ఆట విరమణ. అదే ఏడాది జూలైలో మాస్కోలో చనిపోయింది, ఇరవై ఏళ్ళకు. ఒక కారణానికి ఒక ఫలితం అంటగట్టడం ఇక్కడ తగదు. కానీ ఇల్లు, భాష, పౌరసత్వం అన్నీ ఒక జత కోసం మార్చుకున్న బాలికను ఎవరు కనిపెట్టుకుని ఉండాలన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.

ధర కూడా కట్టారు. ఉక్రెయిన్‌లో పుట్టి జర్మనీకి ఆడిన అల్యోనా సావ్‌చెంకో, రాబిన్ షోల్కోవీతో ఐదు ప్రపంచ టైటిళ్ళు, రెండు ఒలింపిక్ కాంస్యాలు గెలిచాక, 2014లో అతను విరమించడంతో ఫ్రాన్స్ స్కేటర్ బ్రూనో మాసోతో కలిశారు. ఫ్రాన్స్ సమాఖ్య మాసోను వెంటనే వదలలేదు. నెలల తరబడి పట్టి ఉంచి, చివరకు 30,000 యూరోలు కట్టించుకుని విడుదల చేసింది. జర్మన్ భాష పరీక్షలో ఒకసారి తప్పి, 2017 నవంబర్‌లో, ఒలింపిక్స్‌కు మూడు నెలలు కూడా లేనప్పుడు అతనికి పౌరసత్వం వచ్చింది. ప్యాంగ్‌చాంగ్‌లో మొదటి రోజు నాలుగో స్థానంలో ఉన్న ఆ జంట మర్నాడు 159.31 పాయింట్ల ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. సావ్‌చెంకోకు అప్పుడు 34 ఏళ్ళు, అది ఆమె ఐదో ఒలింపిక్స్. ఈ కథను అందరూ పట్టుదలకు ఉదాహరణగా చెబుతారు. నాకు మాత్రం ఆ 30,000 యూరోల రసీదు ఎక్కువ గుర్తుంటుంది, ఎందుకంటే శిక్షణ ఖర్చు తిరిగి రాబట్టుకునే హక్కు సమాఖ్యకు ఉంటే, అకారణంగా జత తెగిన స్కేటర్‌కు పోయిన ఏళ్ళ ఖరీదు ఎవరు కట్టాలన్న ప్రశ్న కూడా పుట్టాలి కదా.

చైనాలో 2016లో ఆ ప్రశ్న ఇద్దరికి ఒకేసారి ఎదురైంది. యూ షియావోయూ, జిన్ యాంగ్ చిన్నప్పటి నుంచి కలిసి ఆడి రెండుసార్లు ప్రపంచ జూనియర్ టైటిల్ గెలిచిన జత. పెంగ్ చెంగ్‌తో ఆడుతున్న సీనియర్ జాంగ్ హావోకు యూను ఇచ్చి, జిన్‌ను పెంగ్‌కు జత చేశారు. రెండు జతలనూ విప్పి, కాళ్ళు మార్చి కట్టినట్టు. ఒలింపిక్స్‌కు రెండేళ్ళు కూడా లేవు. 2018లో ఆ రెండు కొత్త జతల్లో దేనికీ పతకం రాలేదు.

ఇంతటి నిర్ణయం మీద ఆటగాళ్ళు బహిరంగంగా నోరు విప్పడం అరుదు, ఆ అరుదైన ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2012 లండన్ ఒలింపిక్స్‌కు ముందు లియాండర్ పేస్‌తో ఆడబోమని మహేశ్ భూపతి, రోహన్ బోపన్న తెగేసి చెప్పారు. టెన్నిస్ సంఘం రెండు జట్లు పంపడానికి ఒప్పుకుని, పేస్‌కు మన విష్ణువర్ధన్‌ను జత చేసి, మిక్స్‌డ్ డబుల్స్‌లో సానియా మీర్జాను పేస్‌కు కేటాయించింది. అంతకు కొద్ది వారాల ముందే ఆమె భూపతితో కలిసి ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ టైటిల్ గెలిచి ఉన్నారు. అలిగిన ఒక పెద్ద ఆటగాణ్ణి బుజ్జగించడానికి తనను ఎరగా వాడారని సానియా రాతపూర్వకంగా ప్రకటించారు. దేశం కోసం ఎవరితోనైనా ఆడతానని కూడా అందులోనే చెప్పారు. ఆడడానికి ఒప్పుకుంటూనే, అడగకుండా కేటాయించడాన్ని తప్పుపట్టడం సాధ్యమేనని ఆ ప్రకటన చూపింది.

పూతలపట్టు అమ్మాయికి ఎన్‌ఓసీ రాలేదు. చిత్తూరులో ఇచ్చిన కొత్త జతది ఎడమచేతి వాటం. సర్వీసు తీసుకున్నాక మధ్యలో పడిన షటిల్ ఎవరు కొట్టాలో ఇద్దరికీ ఇంకా కుదరలేదట. రెండు రాకెట్లు తగులుకుంటున్నాయి. ఆదివారం సాయంత్రం చంద్రగిరికి ఫోన్ చేసి, "అక్కా, నీతో ఆడేటప్పుడు అది నేను కొట్టేదాన్నా, నువ్వు కొట్టేదానివా?" అని అడిగిందట. ఇద్దరికీ గుర్తు రాలేదు.