అర్థమవుతుంది సార్, మాట్లాడటమే రాదు

ఆగస్టు వచ్చిందంటే మా కాలేజీ ఇంగ్లీష్ ల్యాబ్ గుమ్మం ముందు చెప్పుల జతలు పెరుగుతాయి. ప్లేస్‌మెంట్లు మొదలవుతాయి కదా. ఫస్టియర్‌లో ఈఎల్‌సీఎస్ (ఇంగ్లీష్ లాంగ్వేజ్ అండ్ కమ్యూనికేషన్ స్కిల్స్) ల్యాబ్‌కి అటెండెన్స్ కోసం వచ్చి, హెడ్‌ఫోన్లు మెడలో దండల్లా వేసుకుని కబుర్లు చెప్పుకున్నవాళ్లే ఫైనలియర్‌లో పరిగెత్తుకుంటూ వస్తారు. వచ్చి, ముందే కూడబలుక్కున్నట్టు అందరిదీ ఒకటే మాట: “సార్, వింటే అంతా అర్థమవుతుంది. మాట్లాడటమే రావట్లేదు.”

17 ఏళ్లుగా ఈ మాట వింటున్నా. ఇందులో రెండో సగం నిజమే. మొదటి సగం తప్పు. పిల్లల్ని ముంచుతున్నది ఆ మొదటి సగమే.

పోయిన నెల వినుకొండ వైపు నుంచి బస్సులో వచ్చే ఈసీఈ అమ్మాయి ఒకతె కళ్లు వాచేలా ఏడ్చి వచ్చింది. ఆప్టిట్యూడ్ దాటింది, కోడింగ్ దాటింది. కంప్యూటరే ప్రశ్నలడిగి కంప్యూటరే మార్కులేసే వాయిస్ రౌండ్‌లో పోయింది. వెర్సాంట్ లాంటి స్పోకెన్ ఇంగ్లీష్ పరీక్షల్లో ఒక భాగం ఉంటుంది: వాక్యం ఒక్కసారే వినిపిస్తారు, విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. “నా ప్రొనన్సియేషన్ బాగోదు సార్, అందుకే పోయింది” అంది.

నేను ఫోన్ తీసి ఒక రికార్డింగ్ పెట్టి, “మాట్లాడకు, విన్నది రాయి” అన్నా. వాక్యం ఇది: ఐ షుడ్ హావ్ టోల్డ్ హిమ్ ఎబౌట్ ఇట్ ఆన్ మండే. తొమ్మిది మాటలు, అయిదో తరగతి పిల్లలకి తెలియని మాట ఒక్కటీ లేదు. కాగితం మీద పడ్డవి అయిదు: ఐ, షుడ్, టోల్డ్, ఎబౌట్, మండే. “అర్థమేంటమ్మా?” అంటే, “సోమవారం చెప్పాలి అని సార్” అంది.

కాదు. “సోమవారమే చెప్పాల్సింది, చెప్పలేదు” అని. ‘చెప్పాలి’కీ ‘చెప్పాల్సింది’కీ ఉన్న తేడా మొత్తం ఆ ‘హావ్’లో ఉంది. అది ఆ అమ్మాయి చెవిన పడనే లేదు. ఇక నోటిని తిట్టుకుని ఏం లాభం? వినపడని మాటని నోరు ఎక్కణ్ణుంచి తెస్తుంది?

అపోహ: నాకు వినడం వచ్చు.

వాస్తవం: నీకు వచ్చింది చదవడం.

మనం ఇంగ్లీష్‌ని కళ్లతో నేర్చుకున్నాం. తెలుగు మీడియమైనా ఇంగ్లీష్ మీడియమైనా ఇందులో పెద్ద తేడా లేదు. పేజీ మీద ప్రతి మాటకీ అటూ ఇటూ ఖాళీ ఉంటుంది. మన చెవి కూడా ఆ ఖాళీల కోసమే కాచుకుని కూర్చుంటుంది. మాట్లాడేవాడి నోట్లో ఖాళీలుండవు. ఆ వాక్యాన్ని మామూలుగా అన్నప్పుడు వచ్చేది దాదాపు ఇలా ఉంటుంది: “ఐ షుడవ్ టోల్డిమబౌటిటాన్ మండే.” ‘హావ్’ కాస్తా ‘అవ్’ అయింది, ‘హిమ్’లో హకారం ఎగిరిపోయింది, మిగతావన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

దీన్ని చూసి “అమ్మో, ఫాస్ట్ సార్” అంటారు. స్పీడ్ కాదు నాన్నా, ఇది సంధి. పదో తరగతిలో ‘రాముడు + అతడు = రాముడతడు’ అని విడదీసి, ఉత్వసంధి అని రాసి మార్కులు తెచ్చుకున్నారుగా, అదే. తేడా ఒక్కటే. మనం సంధి జరిగితే రాతలో కూడా మార్చేస్తాం. వాళ్లు నోటితో సంధి చేసి, రాతలో మాత్రం ఏమీ ఎరగనట్టు విడివిడిగానే ఉంచుతారు. పుస్తకంలో ‘ఎక్కడికి వెళ్తున్నావు రా’ అని తెలుగు నేర్చుకున్న ఉత్తరాది అబ్బాయిని తెచ్చి మన నరసరావుపేట బస్టాండ్‌లో నిలబెట్టి “ఎక్కడికెళ్తన్నావ్రా” అంటే బిక్కమొహం వేస్తాడు. మనం వేగంగా అన్నామా? లేదే. ఇంగ్లీష్ దగ్గర మన పరిస్థితి ఆ అబ్బాయిదే.

ఇంకో చిక్కు ఉంది. ‘ఎబౌట్’లో మొదటి శబ్దం, ‘టీచర్’లో చివరి శబ్దం: దాన్నే ష్వా అంటారు. 44 శబ్దాలు, 20 అచ్చులు, 24 హల్లులు అని రెండు మార్కుల ప్రశ్నకి బట్టీ పడతారు కానీ, ఆ ఇరవైలో ఇంగ్లీష్ నోట ఎక్కువసార్లు వచ్చేది ఈ నలిగిపోయిన అచ్చే అని ఎవరికీ పట్టదు. మన అక్షరమాలలో దానికి అక్షరం లేదు. మనకి ప్రతి అచ్చూ నిండుగా పలకాలి. లఘువుకైనా ఒక మాత్ర ఇవ్వాల్సిందే. ఇంగ్లీష్‌లో ‘టు’, ‘ఆఫ్’, ‘ఫర్’, ‘కెన్’ లాంటి వాటికి ఆ మాత్ర కూడా దక్కదు. ‘ఐ కెన్ కమ్’ అన్నప్పుడు ‘కెన్’ దాదాపు ‘క్న్’ అయిపోయి, బరువంతా ‘కమ్’ మీద పడుతుంది. ‘కాంట్’ అన్నప్పుడేమో చివరి టకారం సగం మింగేస్తారు కానీ ‘కాం’ మీద బరువు ఉంటుంది. టకారం కోసం ఎదురుచూసేవాడికి రెండూ ఒకటే. వస్తానన్నాడో రానన్నాడో తెలియకుండా “ఓకే సార్” అనేస్తాడు.

మన నోటి అలవాటు కూడా చెవిని మోసం చేస్తుంది. మనది అజంత భాష. బస్సు, లైటు, రోడ్డు: హల్లుతో ఆగిపోవడం మనకి నచ్చదు. అందుకే ‘ఆస్క్ట్’ని ‘ఆస్కెడ్’ అంటాం. నువ్వు ‘ఆస్కెడ్’ అనే వాడివైతే నీ చెవి కూడా ‘ఆస్కెడ్’ కోసమే వెతుకుతుంది. అవతలివాడు ‘ఆస్క్ట్ ఇమ్’ అంటే నీకు ‘ఆస్క్’ ఒక్కటే దొరుకుతుంది. జరిగిపోయిన పని కాస్తా రోజూ జరిగే పనవుతుంది. ‘కెరీర్’ సంగతీ అంతే. వందమందిలో తొంభైమంది నా ముందు ‘మై క్యారియర్ ఆబ్జెక్టివ్’ అంటారు. నాకు ప్రతిసారీ మా అమ్మ పొలానికి తీసుకెళ్లే మూడు గిన్నెల క్యారియరే గుర్తొస్తుంది. అసలు మాటలో బరువు రెండో ముక్క మీద పడాలి. ‘డెవలప్’ కూడా ‘డివెలప్’, ‘వె’ మీద బరువు.

ఇదంతా ఇప్పుడు దర్జాగా చెబుతున్నా కానీ, నా కథ ఇంకా ఘోరం. 2007లో హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లా. ‘టెల్ మీ ఎబౌట్ యువర్‌సెల్ఫ్’కి జవాబు నిద్రలో లేపి అడిగినా చెప్పేంతగా బట్టీ పట్టా. ఆయన చెన్నై మనిషి, ఎంతో మర్యాదగా, ముందు నన్ను కుదుటపరుద్దామని “వేరార్యూ పుటప్?” అన్నాడు. ‘వేర్ ఆర్ యు పుట్ అప్’, అంటే ఎక్కడ దిగావు, ఎక్కడ ఉంటున్నావు అని. నాకు వినపడింది ‘పుషప్’. బస్కీలు తీస్తావా అని అడుగుతున్నాడనుకుని, “నో సార్, వోన్లీ వాలీబాల్” అన్నా. ఆయన ఒక్క క్షణం ఆగి, నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు. ఉద్యోగం రాలేదు. చాలాకాలం “నాకు మాట్లాడటం రాదు” అనే అనుకున్నా. ఇంతకీ నేను మాట్లాడిన వాక్యంలో తప్పేం లేదు, ప్రశ్నే వేరు. (‘ఓన్లీ’ ముందు ఆ వకారం కూడా మన తెలుగు వరమే. ఎగ్‌ని యెగ్ అంటామే, అదే బాపతు.)

సరే, ఏం చేయాలి? నేను చేయించేది చాలా విసుగు పుట్టించే పని. ముందే చెబుతున్నా.

ముప్ఫై సెకన్ల ఆడియో తీసుకో. దాని రాత కూడా దొరకాలి, అది ముఖ్యం. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్‌లో ఆరు నిమిషాల కార్యక్రమాలు రాతతో సహా ఉచితంగా ఉన్నాయి. మన దేశపు గొంతులు కావాలంటే ఎన్‌పీటెల్ పాఠాలు, ఐఐటీల ప్రొఫెసర్లు చెప్పినవి. నీ సబ్జెక్టే అయితే ఒక దెబ్బకి రెండు పిట్టలు. ముందు రాత చూడకుండా విను. మళ్లీ విను. మూడోసారి ఆపుకుంటూ ఒక్కో మాటా రాయి. వినపడని చోట ఖాళీ వదిలెయ్, ఊహించి నింపకు. అప్పుడు అసలు రాత పక్కన పెట్టి ఎర్ర పెన్ను తీసుకో.

ఎర్ర గీతలన్నీ ఎక్కడ పడ్డాయో చూస్తే నీకే ఆశ్చర్యం వేస్తుంది. పెద్ద మాటల దగ్గర పడవు. హావ్, ఆఫ్, టు, దెమ్, మాట చివర ‘ఎడ్’, ‘ఎస్’: అన్నీ చిల్లర దగ్గరే. ఆ చిల్లరలోనే కాలం ఉంది, ఏకవచనం బహువచనం ఉంది, ‘చేశాడా, చేయించాడా’ ఉంది. గీతలు పడ్డ వాక్యాలు మాత్రం మళ్లీ పదిసార్లు విను. తర్వాత రికార్డింగ్‌తో పాటే, దాని నీడలా, అదే సాగదీతతో, అదే మింగుడుతో పలుకు. మాట్లాడటం అనే పని ఇక్కడ మొదలవుతుంది. నోరు ‘షుడవ్’ అనడం నేర్చుకుంటే చెవి ‘షుడవ్’ని పట్టుకుంటుంది. రెండూ వేరువేరు సబ్జెక్టులు కావు.

రోజుకి ఇరవై నిమిషాలు. ఆదివారం మూడు గంటలు చేసి వారమంతా మానేసేవాళ్లు ఎవరూ బాగుపడగా నేను చూడలేదు. మొదటి రెండు వారాలూ ఏమీ మారినట్టు ఉండదు. చాలామంది అక్కడే మానేస్తారు. నెలన్నర దాటినవాళ్లలో తేడా నాకు కాదు, వాళ్లకే తెలుస్తుంది.

ఇక మిగతా అపోహలు. వీటికి ఇంత ఓపిక నాకు లేదు.

సబ్‌టైటిల్స్‌తో ఇంగ్లీష్ సినిమాలు చూస్తే వినడం వస్తుందట. కింద రాత కనబడుతుంటే చెవి సెలవు పెడుతుంది. నువ్వు చేస్తున్నది చదవడమే. ముందు రాత లేకుండా ఒక సీన్ చూసి, తర్వాత రాతతో చూడు.

గ్రామర్ మొత్తం అయ్యాక మాట్లాడతారట. ఆ ‘మొత్తం’ అయినవాణ్ణి ఇంతవరకు చూడలేదు, నన్ను కలుపుకుని.

అమెరికా యాస కావాలట. నిన్ను ఇంటర్వ్యూ చేసేది పుణెవాడో బెంగళూరువాడో. విదేశాలకి వెళ్లడానికి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీష్ పరీక్ష రాసేవాళ్లక్కూడా స్పీకింగ్‌లో నాలుగు అంశాలకి సమానంగా మార్కులుంటాయి. ఉచ్చారణ అందులో ఒకటి, అక్కడ చూసేది నీ మాట ఎదుటివాడికి సులువుగా తెలుస్తోందా అని. కృత్రిమ యాస తెచ్చుకుంటే ఉన్నది కూడా తెలియకుండా పోతుంది. అన్నట్టు, అందులో లిజనింగ్‌లో 40 ప్రశ్నలు, ఆడియో ఒక్కసారే. యాసకి ఫీజులు కట్టేవాళ్లు దాని గురించి అడగరు.

మళ్లీ చెప్పమని అడిగితే మార్కులు పోతాయట. ఇది హాస్టల్ పుకారు. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు “కుడ్ యు రిపీట్ దట్, ప్లీజ్?” అనడం మర్యాద. ఆ రోజు నేను ఆ ఒక్క ముక్క అని ఉంటే బాగుండేది. పళ్ల మధ్య పెన్సిల్ పెట్టుకుని చదివితే నాలుక తిరుగుతుందన్నది ఇంకో పుకారు. పెన్సిల్ పాడవుతుంది.

జామ్ (జస్ట్ ఎ మినిట్) అంటే వణుకు ఒకటి. నిమిషం పాటు ఆగకుండా మాట్లాడలేకపోతే ఇంగ్లీష్ రానట్టేనని ఏడుస్తారు. అసలది 1967లో బీబీసీ రేడియోలో మొదలైన నవ్వుల ఆట. తడబడకుండా, చెప్పిందే చెప్పకుండా, విషయం దాటకుండా నిమిషం మాట్లాడాలి. పుట్టినప్పట్నుంచీ ఇంగ్లీషే మాట్లాడేవాళ్లు, అదీ మాటలే వృత్తిగా ఉన్నవాళ్లు, కొన్ని సెకన్లకే దొరికిపోతారు. అదే అందులో సరదా. దాన్ని తెచ్చి మనం పరీక్ష చేసుకున్నాం. నీకు నిమిషంలో రెండుసార్లు మాట ఆగితే ఏమీ కాదు.

మొన్న ఒక తండ్రి ఫోన్ చేశాడు, మాచర్ల దగ్గర నుంచి. “సార్, మావాణ్ణి అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీష్‌లో పడెయ్యమంటారా? మిర్చి డబ్బులు వచ్చినయ్.” ఆ గొంతు వింటే కడుపులో దేవినట్టయింది. మంచి కోచింగులు ఉన్నాయి, లేవనను. కానీ ఆ పిల్లవాడి దగ్గర ఫోన్ ఉంది, ఇయర్‌ఫోన్లున్నాయి, రోజుకి గంటంబావు బస్సు ప్రయాణం ఉంది. “ముందు రెండు నెలలు నా దగ్గరికి నోట్‌బుక్ తీసుకుని రమ్మనండి, డబ్బులు దాచుకోండి” అన్నా. ఆయన నమ్మాడో లేదో తెలియదు. ఫీజు లేని మందు ఎవరికీ నమ్మబుద్ధి కాదు.

ఆ వినుకొండ అమ్మాయి మాత్రం వస్తోంది. ఆరో వారం. నిన్న తన నోట్‌బుక్‌లో ఒకచోట ‘ఎ రీజన్’ అని రాసింది, నేను ఎర్ర పెన్నుతో ‘ద రీజన్’ అని దిద్దా. “కాదు సార్, ఆయన ‘ఎ’ అనే అన్నాడు” అంది, కాస్త భయంగానే. “అక్కడ ‘ద’నే రావాలమ్మా” అన్నా. “రావాలేమో సార్, కానీ అన్నది ‘ఎ’” అని ఇయర్‌ఫోన్ ఒకటి నా చేతికిచ్చింది. మూడుసార్లు విన్నా. ‘ఎ’ అనే ఉంది.